ఏజెంట్ ఎర్రర్ వస్తే తీసేసి మళ్ళీ వేయడమే దారా? అసలు ఆ ఏజెంటే ఎందుకు?

అర్ధరాత్రి_థీసిస్

శనివారం సాయంత్రం ఏడింటి దాకా విండోస్‌లో క్యాంపస్ నెట్ బాగానే ఉంది. మధ్యలో ఒక అరగంట లినక్స్‌లోకి వెళ్ళి స్క్రిప్ట్ ఒకటి రన్ చేసుకుని, ఏడున్నరకి మళ్ళీ విండోస్‌లోకి వచ్చా. నెట్‌వర్క్ ఏజెంట్ (మెషీన్‌ని తనిఖీ చేశాకే క్యాంపస్ నెట్‌లోకి వదిలే సాఫ్ట్‌వేర్) ఎర్రగా మెసేజ్ పెట్టింది: "మీ పరికరాన్ని తనిఖీ చేయలేకపోయాం. ఏజెంట్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి." చెప్పినట్టే తీసేసి మళ్ళీ వేశా. అదే మెసేజ్. రీస్టార్ట్ చేసి ఇంకోసారి వేశా. అదే. విసుగొచ్చి పడుకున్నా. ఆదివారం పొద్దున మూడోసారి వేస్తే ఏమీ ఎరగనట్టు కనెక్ట్ అయిపోయింది!

మా ల్యాబ్‌లో నాలుగో వరుసలో ఒక కంప్యూటర్‌దీ ఇదే గోల. దాని మానిటర్‌కి ఎవరో చీటీ అంటించారు: "దయచేసి దీన్ని షట్‌డౌన్ చేయకండి." చేస్తే మళ్ళీ నెట్ రాదట.

మూడుసార్లు వేస్తే గానీ పనిచేయని ఈ ఏజెంట్ ఉండి ఎవరికి లాభం? యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి లోపలికి పంపిస్తే చాలదా?

నా_మెషీన్_నా_ఇష్టం

చాలు. అది చేయడానికి 802.1ఎక్స్ అనే ప్రమాణం 2001 నుంచీ ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్, ఫోన్లు అన్నిట్లో ముందే ఉంటుంది, విడిగా ఏదీ వేయక్కర్లేదు. దాని మీద ఇంకో ఏజెంట్, అది కూడా అడ్మిన్ హక్కులతో, నా డబ్బుతో కొనుక్కున్న మెషీన్‌లో! అదేం చూస్తోందో, ఎవరికి పంపుతోందో అడిగితే చెప్పే నాథుడు లేడు. పైగా ఆ మెసేజ్ చూడండి, తప్పంతా మీదే అన్నట్టు ఉంది.

పాత_కేబుల్

చాలా ఏళ్ళు క్యాంపస్ నెట్‌వర్క్ చూసినవాణ్ణి. పాలసీ గొడవ తర్వాత మాట్లాడుకుందాం. థీసిస్ గారూ, "మూడోసారి వేస్తే పనిచేసింది" అన్నారు కదా, దాన్ని నేను నమ్మను. మొదటి రెండుసార్లు వేసిన ఫైలూ అదే, మూడోసారి వేసిందీ అదే. మారింది ఇంకేదో ఉంది.

శనివారం రాత్రి ఐపీకాన్ఫిగ్‌లో (మెషీన్ నెట్‌వర్క్ అడ్రస్ చూపించే విండోస్ కమాండ్) ఏ అడ్రస్ ఉందో గుర్తుందా? 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి, అంటే మెషీన్లకి అడ్రస్‌లు పంచే సర్వర్ నుంచి, అడ్రసే రాలేదని అర్థం. అప్పుడు ఏజెంట్‌ని వందసార్లు వేసినా ఒకటే. మామూలు అడ్రస్ వచ్చి కూడా ఎర్రర్ ఉంటే ఏజెంట్ లాగ్ తెరిచి, సరిగ్గా ఏడున్నర దగ్గర లైన్లు ఇక్కడ పెట్టండి. పాస్‌వర్డులూ అవీ ఉంటే చెరిపేయండి.

రెండో_పోర్ట్

చిన్న మాట. వైఫై కాకుండా కేబుల్‌తో ప్రయత్నించేవాళ్ళు విండోస్ సర్వీసుల్లో 'వైర్డ్ ఆటోకాన్ఫిగ్' చూడండి. మామూలుగా అది ఆగిపోయి ఉంటుంది. దాన్ని స్టార్ట్ చేసేదాకా ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో ఆథెంటికేషన్ ట్యాబే కనపడదు. ఆ ట్యాబ్ కోసం నేను ఒక రోజంతా వెతికా.

అర్ధరాత్రి_థీసిస్

అడ్రస్ మామూలుదే, 10తో మొదలయ్యేది. లాగ్ వెతికా. ఏడున్నర దగ్గర అంటే ఏమీ లేదు, లాగ్‌లో శనివారం సాయంత్రమే లేదు! మధ్యాహ్నం 2 గంటల దగ్గర మాత్రం ఒకే లైను పదిసార్లు ఉంది: "సర్వర్ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదు." కానీ రెండింటికి నేను ల్యాప్‌టాప్ తెరవనే లేదు.

పాత_కేబుల్

దొరికింది. మీరు తెరిచింది ఏడున్నరకే. మీ విండోస్ మాత్రం రెండు గంటలైందనుకుంది.

మదర్‌బోర్డు మీద ఉండే గడియారంలో లినక్స్ యూటీసీ టైమ్ (ప్రపంచమంతటికీ ఒకటే టైమ్, మనకంటే ఐదున్నర గంటలు వెనక) రాస్తుంది. విండోస్ అదే లోకల్ టైమ్ అనుకుని చదువుతుంది. రెండూ ఉన్న మెషీన్‌లో ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి వెళ్ళినప్పుడల్లా గంటలకి గంటలు తేడా వస్తుంది. నెట్ ఉంటే విండోస్ తనే సరిచేసుకుంటుంది కాబట్టి మీకు ఎప్పుడూ తెలిసుండదు. ఆ సాయంత్రం మీ క్యాంపస్‌వాళ్ళు సర్వర్ సర్టిఫికెట్ (సర్వర్ అసలుదేనని రుజువు చేసే డిజిటల్ పత్రం) కొత్తది పెట్టి ఉంటారు. మీ గడియారం ప్రకారం అది ఇంకా పుట్టలేదు. అందుకని ఏజెంట్ సర్వర్‌ని నమ్మలేదు, సర్వర్ మిమ్మల్ని లోపలికి రానివ్వలేదు. టైమ్ సరిచేసుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే టైమ్ సరిగ్గా ఉండాలి. అర్ధరాత్రి దాటాక మీ తప్పు గడియారం కూడా సర్టిఫికెట్ టైమ్ దాటేసింది. పొద్దున మీరు ఏమీ చేయకపోయినా కనెక్ట్ అయ్యేది.

"మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే పోతుంది" అనే పేరు ఇలాగే వస్తుంది. ఎన్నోసారి వేసినప్పుడు పనిచేస్తే ఆ సారికి పేరు.

నా_మెషీన్_నా_ఇష్టం

చూశారా, మీ నోటితోనే వచ్చింది. గడియారం తప్పైతే "మీ టైమ్ చూసుకోండి" అనాలి గానీ, "ఏజెంట్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి" అంటుందా? ఇంత తెలివితక్కువ సాఫ్ట్‌వేర్‌ని ఎందుకు వెనకేసుకొస్తున్నారు?

పాత_కేబుల్

మెసేజ్ చెత్తది. దాన్ని వెనకేసుకురావట్లేదు. ఇంకో తప్పు కూడా నావంటి వాళ్ళదే: తనిఖీ పాస్ కాని మెషీన్లని విడిగా పెట్టే నెట్‌వర్క్‌లో కనీసం డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది), టైమ్ సర్వర్, అప్‌డేట్ సైట్లు తెరిచి ఉంచాలి. టైమ్‌కి యూడీపీ 123 పోర్ట్ ఒక్కటి వదిలినా ఈయన రాత్రి నిద్ర పాడయ్యేది కాదు.

కానీ మీరు చెప్పిన 802.1ఎక్స్ అయినా ఆ రాత్రి పడిపోయేదే! అందులో పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీప్ పద్ధతిలో కూడా ముందు సర్వర్ సర్టిఫికెట్‌నే చూస్తుంది, అదే గడియారం పెట్టుకుని.

నా_మెషీన్_నా_ఇష్టం

సర్టిఫికెట్ చెక్ ఆపేసుకోవచ్చు.

రెండో_పోర్ట్

అయ్యో, ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. అది ఆపేస్తే పక్క గదిలో ఎవడో అదే పేరుతో వైఫై పెట్టినా మీ మెషీన్ వెళ్ళి దానితో మాట్లాడుతుంది, మీ పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ని నేరుగా చదవలేకుండా మార్చిన రూపం) వాడి చేతిలో పడుతుంది. ఆండ్రాయిడ్ 11లో 2020 డిసెంబర్ అప్‌డేట్‌తో ఆ "చెక్ చేయొద్దు" ఆప్షన్‌ని తీసేసింది ఇందుకే.

నా_మెషీన్_నా_ఇష్టం

సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. అసలు ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. ఏజెంట్ ఎందుకు?

పాత_కేబుల్

2003 ఆగస్టు చూసినవాళ్ళకి తెలుసు. బ్లాస్టర్ వార్మ్, దానంతటదే మెషీన్ నుంచి మెషీన్‌కి పాకే వైరస్. మెషీన్ "60 సెకన్లలో రీస్టార్ట్ అవుతుంది" అని చెప్పి ఆగిపోయేది. మైక్రోసాఫ్ట్ జులైలోనే ప్యాచ్ ఇచ్చింది, చాలామంది వేసుకోలేదు. సెలవులయ్యాక వచ్చినవాళ్ళు ఇంటినుంచి తెచ్చిన కంప్యూటర్లని హాస్టల్ పోర్టులకి తగిలించగానే చాలా యూనివర్సిటీల్లో నెట్‌వర్క్‌లు కుప్పకూలాయి. పాస్‌వర్డ్ మీరెవరో చెబుతుంది. మీ మెషీన్‌కి జబ్బుందో లేదో చెప్పదు.

నా_మెషీన్_నా_ఇష్టం

20 ఏళ్ళ నాటి దెయ్యం కథ చెప్పి ఇవాళ భయపెడితే ఎలా? అప్పటి విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉండేది. 2004లో సర్వీస్ ప్యాక్ 2తో ఆన్ అయింది, ఇక ఆగలేదు. ఇప్పుడు అప్‌డేట్లు వద్దన్నా దిగుతాయి. ఇంకో సంగతి. నా ఫోన్ ఏ ఏజెంటూ లేకుండా అదే వైఫైలో తిరుగుతోంది. వీధి గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచినట్టు లేదూ?

పాత_కేబుల్

ఫోన్ల సంగతి నిజం. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. నన్నడిగితే సొంత ల్యాప్‌టాప్‌ల మీద ఏజెంట్ తీసేసి, వాటిని ఇంటర్నెట్‌కి మాత్రమే వదలొచ్చు. ఫీజులు, మార్కులు ఉండే సర్వర్ల దగ్గరికి వెళ్ళే కంప్యూటర్ల మీద మాత్రం ఉండాలి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. అలాంటి మెషీన్ ఆఫీసు నెట్‌వర్క్‌లో ఎక్కడుందో ఏజెంట్ లేకుండా ఎలా పట్టుకుంటారు?

నా_మెషీన్_నా_ఇష్టం

క్యాంపస్ కంప్యూటర్‌లో క్యాంపస్ ఏమైనా పెట్టుకోనీండి. నా గొడవంతా నాదాని గురించే.

ల్యాబ్_కాపలా

మీ ఇద్దరికీ రాజీ కుదిరిందంటే నేను ఆ చీటీ దగ్గరికి వస్తా. మా దగ్గరా ఇలాంటిదే ఉండేది.

థీసిస్ గారూ, మీ ల్యాబ్‌లో రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ మీద సేవ్ చేసిన ఫైళ్ళు మాయమవుతాయా? అయితే డిస్క్‌ని ఫ్రీజ్ చేసే సాఫ్ట్‌వేర్ (రీస్టార్ట్ చేయగానే అన్నీ పాత స్థితికి తెచ్చేది) ఉంది. డొమైన్‌లో (ఒకే సర్వర్ కింద నడిచే కంప్యూటర్ల గుంపు) ఉన్న ప్రతి కంప్యూటర్‌కీ దాని సొంత పాస్‌వర్డ్ ఒకటి ఉంటుంది, మామూలు సెట్టింగ్‌లో 30 రోజులకోసారి అదే మార్చుకుంటుంది. కొత్త పాస్‌వర్డ్ సర్వర్‌లో ఉండిపోతుంది. రీస్టార్ట్ చేయగానే కంప్యూటర్ పాతదానికి వెళ్ళిపోతుంది. ఇక సర్వర్ దాన్ని గుర్తుపట్టదు, ఏజెంట్ ఎర్రర్ చూపిస్తుంది. ఎవరో వచ్చి డొమైన్‌లో మళ్ళీ చేర్చి ఉంటారు, కానీ ఫ్రీజ్ తీయకుండా చేర్చారు. అందుకే షట్‌డౌన్ చేస్తే ఆ రిపేరూ చెరిగిపోతోంది. ఫ్రీజ్ తీసి, డొమైన్‌లో చేర్చి, ఆ పాస్‌వర్డ్ మార్పుని పాలసీలో ఆపేసి, అప్పుడు ఫ్రీజ్ చేయమనండి.

అర్ధరాత్రి_థీసిస్

ఫైళ్ళు మాయమవుతాయి, అవును! ల్యాబ్ సార్‌కి మీ పోస్ట్ చూపించా. ఈ మధ్యాహ్నం చేశారు, నా కళ్ళముందే మూడుసార్లు రీస్టార్ట్ చేసి చూశారు, మూడుసార్లూ నెట్ వచ్చింది. నా ల్యాప్‌టాప్‌లో లినక్స్‌ని లోకల్ టైమ్ రాసేలా మార్చుకున్నా. విండోస్‌కి వచ్చి చూస్తే గడియారం సరిగ్గానే ఉంది.

ఏజెంట్ ఉండాలా వద్దా అన్నది మాత్రం నాకింకా తేలలేదు. మానిటర్ మీద చీటీ కూడా ఇంకా తీయలేదు. సార్‌కి నమ్మకం కుదరలేదట, ఇంకో నెల చూస్తారట.