జెంటామైసిన్ పెట్టినా కాలనీలు తగ్గట్లేదు, తప్పెక్కడ?

ప్రశ్న: అందరికీ నమస్తే. చిగుళ్ల కణాల్లోకి పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ (చిగుళ్ల వ్యాధి తెచ్చే బ్యాక్టీరియా) ఎంత చొరబడుతుందో చూస్తున్నాను. కణానికి 100 బ్యాక్టీరియా చొప్పున వేసి, 90 నిమిషాలు ఉంచి, కడిగి, బయట మిగిలినవి చావడానికి జెంటామైసిన్ (కణాల్లోకి అంతగా దూరని యాంటీబయాటిక్) గంటసేపు పెడుతున్నాను. తర్వాత కణాలను పగలగొట్టి, లోపలివి అగార్ ప్లేట్ మీద పెంచితే (ప్లేట్ చేస్తే) లెక్కపెట్టలేనన్ని కాలనీలు. సాల్మొనెల్లాతో ఇదే పద్ధతి బాగా పనిచేసింది. మూడుసార్లు ఇంతే. గైడ్‌కి ఏం చూపించాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: సరిగ్గా కడగలేదేమో. ఇంకో రెండుసార్లు కడిగి చూడండి.

ప్రశ్న అడిగినవారు: ఐదుసార్లు కడిగానండి. ఇంకా కడిగితే కణాలే ఊడి వచ్చేస్తున్నాయి.

జవాబు 2: కడగడంతో పోయేది కాదు తమ్ముడూ, తిరకాసు మందులోనే ఉంది. జెంటామైసిన్ బ్యాక్టీరియా లోపలికి పోవాలంటే ఆక్సిజన్‌తో నడిచే ఎలక్ట్రాన్ల రవాణా కావాలి. సాల్మొనెల్లాకి అది ఉంది, నీ అవాయు (ఆక్సిజన్ లేకుండా బతికే) బ్యాక్టీరియాకి లేదు. అంటే నువ్వు లెక్కపెడుతున్న వాటిలో చాలావరకు బయట అంటుకుని బతికున్నవే. అందుకే ఈ బ్యాక్టీరియాకి సాధారణంగా జెంటామైసిన్ 300, అవాయు బ్యాక్టీరియాను చంపే మెట్రోనిడజోల్ 200 మైక్రోగ్రాములు మిల్లీలీటరుకి కలిపి గంటసేపు పెడతారు.

ఒక జాగ్రత్త: మెట్రోనిడజోల్ మన కణాల్లోకీ దూరుతుంది. గంట దాటనిస్తే లోపల దాక్కున్నవి కూడా చచ్చి, ఈసారి లెక్క తక్కువ వస్తుంది.

అన్నిటికంటే ముందు కణాలు లేని వెల్స్‌లో (ప్లేట్ గుంటల్లో) బ్యాక్టీరియా మాత్రమే వేసి రెండు కంట్రోళ్లు (పోల్చి చూసే పరీక్షలు) పెట్టు. ఒకదానిలో మందులు వెయ్యి, కాలనీలు రాకూడదు. రెండోదానిలో మందులు వెయ్యకు, ఆ 90 నిమిషాల గాలికి ఎన్ని బతికాయో తెలుస్తుంది. ఇవి లేకుండా వచ్చిన అంకెను నేనైతే నమ్మను. ఇంకోటి, కణాలు పెంచే మీడియంలో పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఉంటే ముందే మార్చెయ్. నేనూ మొదటి ఏడాది అది మర్చిపోయి నెల పోగొట్టుకున్నాను.

కణాలు పగలగొట్టే స్టెరైల్ నీళ్లు, పలచన చేసే డైల్యూషన్ బఫర్ ముందు రోజు రాత్రే ఎనరోబిక్ ఛాంబర్‌లో (ఆక్సిజన్ లేని పెట్టెలో) పెట్టి ఆక్సిజన్ పోనియ్యి. కణాలు పగలడానికి నీళ్లలో 20 నిమిషాలు చాలు. ఈ బ్యాక్టీరియా పెరగడానికి కావాల్సిన హెమిన్, మెనాడియోన్ కలిపిన బ్లడ్ అగార్ మీద ప్లేట్ చెయ్.

జవాబు 3: మాది పేగు బ్యాక్టీరియా, ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ. ఇదే పద్ధతి వాడొచ్చా?

జవాబు 2: వద్దండి. జింజివాలిస్ కాసేపు గాలికి ఓర్చుకుంటుంది, మీది నిమిషాల్లో పోతుంది. ట్రాన్స్‌వెల్ (పైన, కింద వేర్వేరు గదులుండే అమరిక) పొర మీద కాకో-2 అనే పేగు కణాలను 21 రోజులు పెంచి, పైభాగంలో ఆక్సిజన్ తీసేసి, కిందనుంచి కణాలకు ఆక్సిజన్ అందే అమరిక కావాలి. ముందు బ్యాక్టీరియా లేకుండా అలా ఉంచి, కణాల పొర విద్యుత్ నిరోధం పడిపోకుండా నిలుస్తుందో లేదో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: అన్నా, మందుల కంట్రోల్ ఈరోజే పెట్టాను, జెంటామైసిన్ ఒక్కటే ఒక వరుస, రెండూ కలిపి ఇంకో వరుస. కాలనీలు నల్లబడటానికి వారం పైనే పడుతుంది కదా, వచ్చాక చెప్తాను.