ఆవ్రో కంపెనీ తొలి విమానాలు: మూడు రెక్కలు ఎందుకు పెట్టారు, మూసిన గది ఎందుకు నిలవలేదు?

ప్రశ్న: తిరుపతి, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రాన్ని చూసి వచ్చిన రోజు నుండి మా తొమ్మిదో తరగతి పిల్లలు ఈసారి వైజ్ఞానిక ప్రదర్శనకు విమాన నమూనాలే చేస్తామని పట్టుబట్టి కూర్చున్నారు. రైట్ సోదరుల విమానాన్ని ప్రతి ఏటా ఏదో ఒక బడి చేస్తూనే ఉంటుంది కాబట్టి, ఇంగ్లండుకు చెందిన అలియట్ వెర్డన్ రో గారి విమానాలను, ఆయన 1910లో మాంచెస్టరులో తన అన్నదమ్ముడైన హంఫ్రీతో కలిసి స్థాపించిన ఆవ్రో కంపెనీ విమానాలను వరుసగా చేయిద్దామని అనుకున్నాను. ఒకే మనిషి ఆలోచన నాలుగైదేళ్ళలో ఎలా మారుతూ వచ్చిందో పిల్లలు కళ్ళారా చూడగలరని నా ఆశ.

అయితే బొమ్మలు ముందు పెట్టుకుని చూస్తే రెండు విషయాలు నాకే అర్థం కాలేదు. 1909లో రో గారు మూడు రెక్కలను ఒకదానిపై ఒకటి పెట్టి విమానం చేశారు, 1911కల్లా వాటిని వదిలి రెండు రెక్కలకు వచ్చేశారు. మూడు రెక్కలు మేలైనవైతే ఎందుకు వదిలారు, కాకపోతే మొదట ఎందుకు పెట్టారు? రెండవది ఇంకా వింతగా ఉంది. 1912లోనే పైలట్ కూర్చునే చోటును పూర్తిగా మూసి, గదిలాగా కట్టిన ఇదే కంపెనీ, మరుసటి ఏడాది చేసిన 504 విమానంలో పైలట్‌ను మళ్ళీ గాలిలోకి, చలిలోకి తెచ్చి ఎందుకు కూర్చోబెట్టింది? ముందుకు వేసిన అడుగును వెనక్కు తీసుకున్నట్లు కనబడుతోంది. పిల్లలు అడిగితే "ఆ రోజుల్లో అంతే" అని తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. తెలిసిన పెద్దలు వివరించగలరు.

జవాబు 1: రేణిగుంట, వైమానిక దళంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న సాంకేతికుడు

మాస్టారు గారికి నమస్కారం. మీ మొదటి ప్రశ్నకు జవాబు రెక్కల్లో లేదు, ఇంజనులో ఉంది. 1909 నాటి ఆ మూడు రెక్కల విమానానికి రో గారు బిగించినది జె.ఏ.పి. అనే కంపెనీ ఇంజను. దాని శక్తి 9 హార్స్‌పవర్. ఆ సంఖ్య ఎంత చిన్నదో మన చిత్తూరు వైపు పిల్లలకు చెప్పడం చాలా సులభం. వాళ్ళ పొలాల్లో బోర్లకు దించే మోటార్లు 7.5 హార్స్‌పవరు, 10 హార్స్‌పవరు ఉంటాయి. అంటే ఒక బావి నుండి నీళ్ళు తోడేంత బలంతో ఒక మనిషిని, యంత్రాన్ని, రెక్కలను కలిపి దాదాపు 200 కిలోల బరువును నేల విడిపించాలి. ఈ పోలిక చెప్పిన తరువాత నమూనా చూపిస్తే పిల్లలు దానిని వేరే కంటితో చూస్తారు.

ఇప్పుడు లెక్క చూడండి. రెక్కపై పుట్టే ఎత్తుబలం వేగం వర్గాన్ని బట్టి, రెక్క వైశాల్యాన్ని బట్టి ఉంటుందని మీ పాఠంలోనే వస్తుంది. వేగం సగమైతే అదే బరువును మోయడానికి నాలుగింతల వైశాల్యం కావాలి. బలహీనమైన ఇంజను విమానాన్ని వేగంగా లాగలేదు, కాబట్టి వైశాల్యం పెంచక తప్పదు. ఒకే పొడవాటి రెక్కగా పెంచితే అది వంగకుండా ఉండేందుకు లోపల బలమైన, బరువైన దూలం కావాలి. అదే వైశాల్యాన్ని మూడు సన్నని, పొట్టి రెక్కలుగా విడగొట్టి, మధ్యలో నిలువు కర్రలు పెట్టి, ఐమూలగా తీగలు బిగిస్తే, మొత్తం ఒక వంతెన చట్రంలాగా తేలికగానూ గట్టిగానూ నిలుస్తుంది. రో గారి విమానం రెక్క కొన నుండి కొనకు 20 అడుగులు మాత్రమే. తోక కూడా మూడు అంతస్తులే, అది కూడా కొంత బరువు మోసేది. పైకి కిందికి తిప్పడానికి తోకను కాకుండా ముందున్న ప్రధాన రెక్కల కోణాన్నే మార్చేవారు. మీరు నమూనా చేసేటప్పుడు ఈ సంగతి వదలకండి, ఎందుకంటే తరువాతి మూడు రెక్కల విమానాల్లో ఆయనే ఈ పద్ధతిని విడిచి ఆ పనిని తోకకు అప్పగించారు. పిల్లలు పక్కపక్కన పెట్టి చూడవలసిన మార్పు అది.

రెక్కలకు కప్పింది నూనె పట్టించిన పసుపు కాగితం, వెనుక పలుచని గుడ్డ ఆధారంగా. మంచి బట్టకు ఆయన దగ్గర డబ్బు లేదు. లండన్ పక్కన లీ నది చిత్తడి నేలల్లో, రైలు వంతెన కమానుల కింద అద్దెకు తీసుకున్న చోటే ఆయన కర్మాగారం. 1909 జులై 13న ఆ కాగితపు విమానం దాదాపు 100 అడుగుల దూరం ఎగిరింది, పది రోజుల తరువాత 900 అడుగులు వెళ్ళింది. నేను సర్వీసులో ఎన్నో ఇంజన్లను విప్పి బిగించాను కానీ, 9 హార్స్‌పవరుతో మనిషి ఎగిరాడన్న సంగతి తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక ఎందుకు వదిలారన్నది. 1910లో ఆయన విమానాలకు 35 హార్స్‌పవరు గ్రీన్ అనే కంపెనీ ఇంజన్లు వచ్చాయి. బలం పెరిగితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే అంత వైశాల్యం అక్కరలేదు. పైగా గాలి నిరోధం కూడా వేగం వర్గంతోనే పెరుగుతుంది కాబట్టి, నెమ్మదిగా వెళ్ళినప్పుడు లెక్కలోకి రాని తీగలూ కర్రలూ ఇప్పుడు భారమవుతాయి. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న రెక్కలు ఒకదాని ఎత్తుబలాన్ని మరొకటి తగ్గించుకోవడం మరో నష్టం. 1911 ఏప్రిల్‌లో ఎగిరిన టైప్ డి రెండు రెక్కలతో వచ్చింది, ఆ తొలి ఏళ్ళలో కంపెనీ మళ్ళీ మూడు రెక్కల వైపు పోలేదు. కాబట్టి ఆయన మొదట చేసింది పొరపాటూ కాదు, తరువాత చేసింది మనసు మార్చుకోవడమూ కాదు. ఇంజను మారింది, దానికి తగిన రెక్క మారింది.

జవాబు 2: చిత్తూరు, ఇంజనీరింగ్ అధ్యాపకురాలు

మాస్టారు గారూ, రేణిగుంట పెద్దాయన గారి వివరణ చదివాక మొదటి ప్రశ్నకు నేను చేర్చవలసినది ఏమీ లేదు. రెండవ ప్రశ్న గురించి రాస్తాను.

మీరు చెప్పిన మూసిన గది విమానం టైప్ ఎఫ్. 1912 మే 1న ఎగిరింది. పైలట్ గదిని విమాన దేహంలోనే భాగంగా, పూర్తిగా కప్పి కట్టిన మొదటి విమానం ప్రపంచంలో అదే. కిటికీలకు గాజు కాదు, సెల్యులాయిడ్ రేకులు. ఆ ఇంజన్ల నుండి నూనె తుంపర వెనక్కు చిమ్ముతూనే ఉండేది, అది రేకుల మీద పడితే ముందున్నది కనబడదు. ఆ సంగతి కట్టినవారికి తెలుసు, అందుకే పైలట్ తల ఎత్తులో రెండు పక్కలా గుండ్రని రంధ్రాలు పెట్టి, అవసరమైతే తల బయటికి పెట్టి చూసే వీలు కల్పించారు. తల బయటికి పెట్టవలసివచ్చే గది సగం గదే కదా. ఆలోచన సరైనదే, కానీ దానికి కావలసిన పారదర్శకమైన మంచి రేకు, నూనె కారని ఇంజను అప్పటికి పుట్టలేదు. మీ పిల్లలకు నేను చెప్పేదైతే దీనిని వెనకడుగు అనను, తోడు కావలసిన వస్తువుల కోసం ఆగిన అడుగు అంటాను.

అదే ఏడాది ఆగస్టులో సాలిస్‌బరీ మైదానంలో సైనిక విమానాల పోటీ జరిగింది. దానికి ఆవ్రో పంపిన టైప్ జి కూడా మూసిన గదిదే, రెండు రెక్కలది. ఆగస్టు 25న లెఫ్టినెంట్ విల్‌ఫ్రెడ్ పార్క్ దానిని నడుపుతూ మలుపు తిరుగుతున్నప్పుడు విమానం ఎడమ వైపుకు సుడి తిరుగుతూ కిందికి పడిపోసాగింది. అంతవరకు ఆ సుడిలో చిక్కితే బయటపడే దారి ఏదో ఎవరికీ స్పష్టంగా తెలియదు. ముక్కును పైకెత్తడానికి నడిపే కర్రను వెనక్కు లాగడం, తిరుగుతున్న వైపుకే చుక్కాని (తోకలో పక్కలకు తిప్పే పలక) కాలితో తొక్కడం అప్పటి వారికి సహజంగా తోచేవి, ఆయన కూడా మొదట అవే చేశారు. నేల ఇంకా యాభై అడుగుల దూరంలో ఉండగా, ఇక వేరే దారి లేక, చుక్కానిని పూర్తిగా ఎదురు వైపుకు తొక్కారు. విమానం వెంటనే నిలదొక్కుకుంది. కింద నిలబడిన నిపుణులు చూశారు, ఆయన చెప్పినది నమోదైంది. సుడి నుండి బయటపడిన తీరు సాక్షుల సమక్షంలో తెలిసిన మొదటి సందర్భం అదే. మీ ప్రదర్శనలో ఈ విమానం నమూనా లేకపోయినా ఈ కథ మాత్రం ఉండాలని నా విన్నపం, ఎందుకంటే తరువాత వేలమంది శిక్షణార్థుల ప్రాణాలు ఆ ఒక్క తెలివిడి మీద ఆధారపడ్డాయి. ఆ లెఫ్టినెంట్ గారు అదే ఏడాది డిసెంబరులో మరో కంపెనీ విమానంలో ప్రమాదానికి గురై మరణించడం నన్ను ఎంతగానో బాధించే సంగతి.

ఇక సైన్యం ఆర్డరు ఇచ్చినది మూసిన గది విమానానికి కాదు, అదే సమయంలో వచ్చిన తెరిచిన ఆవ్రో 500కు. 1913 సెప్టెంబరు 18న ఎగిరిన 504 దాని తోబుట్టువు. రెక్కలు 36 అడుగులు, రెండూ సమానం, పైది కొంచెం ముందుకు జరిపి ఉంటుంది. ముందు చక్రాల మధ్య నుండి కర్రతో చేసిన ఒక పొడవాటి కాలు బయటికి పొడుచుకు వస్తుంది, నేల మీద దిగేటప్పుడు విమానం ముక్కు మీద బోర్లా పడకుండా, ప్రొపెల్లర్ విరగకుండా అది కాపాడుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఆ కాలు ఎంత అండో ఊహించుకోవచ్చు.

దాని ఇంజను గురించి పిల్లలకు తప్పక చెప్పండి. అది రోటరీ ఇంజను. మధ్యలోని ఇరుసు కదలకుండా విమానానికి బిగించి ఉంటుంది, చుట్టూ ఉన్న సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిరుగుతాయి. తిరగడం వల్ల గాలి తగిలి చల్లబడతాయి. వీటికి కందెనగా వాడినది మన ఆముదమే. పెట్రోలుతో కలవదు కాబట్టి ఆముదం అక్కడ పనికి వచ్చింది, వాడిన నూనె మాత్రం లోపల నిలవకుండా బయటికి చిమ్మేది. పైలట్ ముఖం నిండా ఆముదమే. సెల్యులాయిడ్ కిటికీ ఎందుకు పనికిరాదో ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు.

504 ఎందుకు అన్నాళ్ళు నిలిచిందంటే అది అద్భుతమైన యుద్ధవిమానం కాబట్టి కాదు. 1914 నవంబరు 21న మూడు 504లు ఫ్రాన్సులోని బెల్ఫోర్ నుండి బయలుదేరి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లోని జెప్పెలిన్ అనే జర్మన్ గాలి ఓడల షెడ్ల మీద బాంబులు వేసిన మాట నిజమే, కానీ త్వరలోనే యుద్ధరంగంలో దానిని మించినవి వచ్చాయి. దాని అసలు జీవితం శిక్షణలో మొదలైంది. 1917లో గోస్‌పోర్ట్‌లో రాబర్ట్ స్మిత్-బారీ, ప్రమాదకరమైన స్థితులను తప్పించుకోవడం కాకుండా, వాటిలోకి కావాలని వెళ్ళి బయటికి రావడం నేర్పే పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు, ఆయనకు తగిన వాహనంగా దొరికినది 504. నేర్చుకునేవాడి పొరపాటును వెంటనే చూపిస్తుంది, కానీ వెంటనే శిక్షించదు. నా దృష్టిలో రో గారి కంపెనీ తొలి దశలో చేసినవాటిలో ఇదే అన్నిటికంటే గొప్పది.

ప్రశ్న వేసినవారి మాట

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆముదం సంగతి చెప్పగానే తరగతిలో పిల్లలు లేచి నిలబడ్డారు. మూడు రెక్కల విమానం, టైప్ ఎఫ్, 504 అనే మూడు నమూనాలకు నిర్ణయించుకున్నాం. ఇంకో రెండు సందేహాలు. మొదటి నమూనా కింద "బ్రిటన్‌లో ఎగిరిన మొదటి బ్రిటిషు వ్యక్తి" అని రాయవచ్చా? మా సహోపాధ్యాయులు ఒకరు, మన వైమానిక దళం వాడే ఆవ్రో విమానం కూడా రో గారి రూపకల్పనే కదా, దానిని కూడా చేర్చండి అంటున్నారు. నిజమేనా?

జవాబు 3: రేణిగుంట, విశ్రాంత సాంకేతికుడు

మాస్టారూ, మొదటిది అలా రాయకండి. రో గారు 1908 జూన్‌లో బ్రూక్‌లాండ్స్‌లో తన రెండు రెక్కల విమానంతో నేల విడిచానని చెప్పుకున్నారు. కానీ 1920ల చివర లార్డ్ గోరెల్ అధ్యక్షతన కూర్చున్న కమిటీ ఆ వాదనను ఒప్పుకోక, 1909 వసంతంలో ఎగిరిన మూర్-బ్రబజాన్ గారికి ఆ గౌరవం ఇచ్చింది. అయితే మూర్-బ్రబజాన్ గారు నడిపినది ఫ్రెంచి విమానం. కాబట్టి "బ్రిటిషు ఇంజనుతో ఎగిరిన మొదటి పూర్తి బ్రిటిషు విమానం, 1909 జులై 13" అని రాయండి. ఈ మాటను ఎవరూ తప్పు పట్టలేరు, రో గారికి కూడా ఇందులో తక్కువేమీ లేదు. అసలు విమానం లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

మన ఆవ్రో సంగతి నాకు మనసుకు దగ్గరిది, ఎందుకంటే దాని కింద పడుకుని ఎన్నో రాత్రులు పని చేశాను. అది ఆవ్రో 748. 1960 జూన్‌లో ఇంగ్లండులో మొదట ఎగిరింది, కాన్పూరులో కూర్చిన మొదటిది 1961 నవంబరులో ఎగిరింది. కానీ రో గారు 1928లోనే తన వాటా అమ్ముకుని బయటికి వచ్చి సాండర్స్-రో అనే మరో కంపెనీలో చేరారు, 1958 జనవరిలో కన్నుమూశారు. ఆయన 1911లో చేర్చుకున్న రాయ్ చాడ్విక్ ఆ తరువాత ఆన్సన్, లాంకాస్టర్ వంటి విమానాలు రూపొందించి కంపెనీ పేరును నిలబెట్టారు, ఆయన కూడా 1947 ఆగస్టులో ట్యూడర్ అనే ఆవ్రో విమానం పరీక్షా ప్రయాణంలో ప్రాణాలు కోల్పోయారు. 748 పేరులో రో గారు ఉన్నారు, గీతల్లో లేరు. చేర్చదలిస్తే వేరే బల్ల మీద పెట్టండి.

నమూనాల కొలత విషయంలో ఒక సలహా. అడుగుకు ఒక అంగుళం చొప్పున తీసుకోండి. మొదటి విమానం 20 అంగుళాలు, 504 మూడు అడుగులు వస్తుంది, బలం పెరిగిన కొద్దీ విమానం ఎంత పెద్దదైందో ఎవరూ చెప్పకుండానే కనబడుతుంది. చట్రానికి సన్నగా చీల్చిన వెదురు బద్దలు చాలు. మొదటిదానికి గాలిపటం కాగితం అంటించి, ఆరిన తరువాత అవిసె నూనె పలుచగా పూయండి, ఆ పాత పసుపు రంగు దగ్గరగా వస్తుంది. 504కు మాత్రం కాగితం వద్దు. నిజమైనదానికి నార బట్ట బిగించి, అది ఆరేటప్పుడు ముడుచుకుని డోలు చర్మంలాగా బిగుసుకునే పూత వేసేవారు. మీరు పలుచని నూలు గుడ్డను అంటించి, నగరి నేతవారు పడుగుకు పట్టించినట్లు చిక్కని గంజి రెండు సార్లు పట్టించండి. ఎండలో పెట్టకుండా నీడలో ఆరనివ్వండి, లేకపోతే రెక్క మెలి తిరుగుతుంది. తీగల చోట దారం వాడితే ఐమూల దారాలను రెండు వైపులా సమానంగా లాగి ముడివేయాలి, అక్కడే పిల్లలకు ఎక్కువ ఓపిక కావలసి వస్తుంది. కావాలంటే ఒక ఆదివారం నేను బడికి వచ్చి ముడులు చూపిస్తాను.