లీగ్ గెలిస్తే ఏమి గెలిచినట్టు? 2024 ఐర్లండ్ మహిళల గేలిక్ ఫుట్‌బాల్ సీజన్‌పై చర్చ

డబ్లిన్ పాఠకురాలు

మా అమ్మాయి ఇక్కడి ఒక క్లబ్బు బాలికల జట్టులో ఆడుతున్నందువల్ల, ఇంటిల్లిపాదీ 2024 మహిళల జాతీయ లీగ్‌ను జనవరి నుంచి ఏప్రిల్ దాకా వదలకుండా చూశాము. ఆటను చూడటం అలవడింది గాని, ఆ లీగ్‌కు ఎంత విలువ ఇవ్వాలో మాత్రం మాకు తేలలేదు. ఐర్లండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ ఆటను అనుసరించేవారు పెరుగుతున్నారు కాబట్టి, మీ అనుభవాలు తెలుసుకోవాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

కొత్తగా చదివేవారి కోసం కొంత నేపథ్యం చెబుతాను. గేలిక్ ఫుట్‌బాల్ అంటే బంతిని చేతులతోనూ కాళ్లతోనూ ఆడే ఐర్లండ్ సంప్రదాయ క్రీడ; జట్లు కౌంటీల (జిల్లాల వంటి ప్రాంతాల) పేరుతో ఆడతాయి. మహిళల గేలిక్ ఫుట్‌బాల్ సంఘం 1974లో టిప్పరేరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో ఏర్పడింది. ఆల్ ఐర్లండ్ ఛాంపియన్‌షిప్ ఆ ఏడాదే మొదలైతే, జాతీయ లీగ్ 1979లో మొదలైంది. లీగ్‌లో నాలుగు డివిజన్లు ఉన్నాయి. 2024లో మొదటి డివిజన్‌లో అర్మా, కార్క్, డబ్లిన్, గాల్వే, కెర్రీ, మేయో, మీత్, వాటర్‌ఫోర్డ్ ఆడాయి. ప్రతి జట్టూ మిగిలిన ఏడింటితో ఒక్కొక్కసారి తలపడుతుంది. గెలుపుకు మూడు పాయింట్లు, సమానంగా ముగిస్తే ఒకటి. పట్టికలో మొదటి రెండు జట్లు ఫైనల్‌కు వెళ్తాయి, అట్టడుగున నిలిచినవి దిగువ డివిజన్‌కు జారిపోతాయి. ఇదంతా వసంతంలో ముగిశాక, వేసవిలో బ్రెండన్ మార్టిన్ కప్పు కోసం ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. కౌంటీలన్నీ ఏడాది పొడవునా కలలు కనేది ఆ కప్పు గురించే.

ఇప్పుడు నా సందేహం. ఏప్రిల్‌లో డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానంలో అర్మా జట్టు కెర్రీని ఓడించి మొదటి డివిజన్‌ను తొలిసారి గెలుచుకున్నది. ఆ ఓడిన కెర్రీయే ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్‌లో అర్మాను ఓడించి, ఆగస్టు 4న గాల్వేపై 3-14, 0-14 స్కోరుతో గెలిచి, 1993 తరువాత మొదటిసారి ఆల్ ఐర్లండ్ విజేతగా నిలిచింది. గోలుకు మూడు, గోలు అడ్డకర్ర (బారు) మీదుగా పంపిన బంతికి ఒకటి చొప్పున లెక్కిస్తే అది ఇరవై మూడుకు పద్నాలుగు. ఇక ఫైనల్ దాకా వచ్చిన గాల్వే, అదే వసంతంలో మొదటి డివిజన్ నుంచి రెండో డివిజన్‌కు పడిపోయిన జట్టు! లీగ్ పట్టిక వేసవి గురించి ఏమీ చెప్పలేకపోతే, అంత చలిలో, అంత దూరం ప్రయాణించి ఆడే ఆ ఏడు మ్యాచ్‌లను ఏ దృష్టితో చూడాలి?

న్యూరీ వైద్యుడు

మీరు అడిగిన ప్రశ్న అర్మా వీధులలో ఎవరినైనా అడిగితే వారికి అది ప్రశ్నగానే తోచదు. ఈ కౌంటీ మహిళలు 2006లో ఆల్ ఐర్లండ్ ఫైనల్ చేరి, కార్క్ చేతిలో ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. ఆ ఫైనల్ ఆడిన కరొలిన్ ఓ'హాన్లన్ నా వృత్తికే చెందిన వైద్యురాలు. ఆమె ఉత్తర ఐర్లండ్ నెట్‌బాల్ జట్టుకు కూడా నాయకత్వం వహించి, 2018 కామన్వెల్త్ క్రీడలలో పతాకం పట్టుకొని నడిచారు. అటువంటి క్రీడాకారిణులు ఉన్న కౌంటీకి జాతీయ స్థాయిలో అగ్రశ్రేణి కప్పు ఒక్కటీ లేకపోవడం ఎంత లోటో ఇక్కడ ఉన్నవారికే తెలుస్తుంది.

2023లో అర్మా ఉన్నది రెండో డివిజన్‌లో. ఫైనల్‌లో లీష్ కౌంటీని ఓడించి పైకి వచ్చిన జట్టు, మొదటి డివిజన్‌లో నిలదొక్కుకుంటే చాలు అనుకునే సమయంలో ఏకంగా దానిని గెలుచుకున్నది. అర్మా క్రీడాకారిణి ఎయిమీ మాకిన్ బంతి అందుకుంటే మైదానం చుట్టూ ఉన్న పిల్లలు ఒక్కసారిగా కంచె దగ్గరకు చేరడం నేను చూశాను. జులై 28న పురుషుల జట్టు కూడా ఆల్ ఐర్లండ్ గెలవడంతో కౌంటీ అంతా నారింజ రంగు జెండాలతో నిండిపోయింది, పత్రికలలో ఆ విజయానికే పెద్ద పీట దక్కింది. కాని ఆ ఏడాది అర్మాకు మొదటి కప్పు తెచ్చింది మహిళలే. దానిని వేసవి ఫలితంతో తూచి తక్కువ చేయడాన్ని నేను ఒప్పుకోలేను.

కార్క్ ఉద్యోగి

మా వైపు నుంచి చూస్తే ఆ సీజన్ వేరుగా కనిపిస్తుంది. 2005 నుంచి 2016 వరకు పన్నెండేళ్లలో పదకొండు ఆల్ ఐర్లండ్ కప్పులు గెలిచిన కౌంటీ కార్క్. అటువంటిది 2024లో గాల్వేతో పాటు మొదటి డివిజన్‌ను కోల్పోయింది. ఇక్కడి అభిమానులకు అది నమ్మశక్యం కాని విషయం.

అయితే మైదానం దగ్గర నిలబడి చూసిన మేరకు నాకు అర్థమైనది చెబుతాను. శిక్షకులు లీగ్‌ను గెలవడానికి మాత్రమే ఆడించరు. పాత తరం విరమించుకున్న జట్టుకు కొత్త అమ్మాయిలను పెద్ద జట్ల మీద పరీక్షించుకోవడానికి వసంతం తప్ప మరో అవకాశం లేదు. ఛాంపియన్‌షిప్‌లో రెండు మూడు మ్యాచ్‌లు పోతే ఏడాది ముగిసినట్టే, అక్కడ ప్రయోగం చేసే ధైర్యం ఎవరికీ ఉండదు. పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఫిబ్రవరి బురదలో డబ్లిన్ రక్షణ వరుసను ఎదుర్కొని రెండు సార్లు బంతి పోగొట్టుకుంటే, ఆ తప్పిదానికి పట్టికలో మూల్యం చెల్లించవలసి వస్తుంది. ఆ అమ్మాయే జులైలో తడబడకుండా ఆడుతుంది. 2024లో ఆల్ ఐర్లండ్ సెమీఫైనల్ చేరిన నాలుగు జట్లలో అప్పుడే దిగువకు జారిన గాల్వే, కార్క్ రెండూ ఉన్నాయి. మరుసటి ఏడాది ఆ రెండూ తిరిగి పై డివిజన్‌కు అర్హత సాధించాయి.

గాల్వే విద్యార్థిని

నేను ఇక్కడ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. కార్క్ ఉద్యోగి గారు చెప్పిన దానికి ఒక ముఖ్యమైన కారణాన్ని కలపాలి. లీగ్ జరిగే నెలల్లోనే విశ్వవిద్యాలయాల మధ్య ఓ'కానర్ కప్ పోటీలు కూడా జరుగుతాయి. కౌంటీకి ఆడే అమ్మాయిలలో చాలామంది విద్యార్థినులే కాబట్టి, వారంలో మధ్యలో కళాశాల మ్యాచ్, వారాంతంలో కౌంటీ మ్యాచ్, వాటి మధ్య రెండు జట్ల శిక్షణ, తరగతులు. మా తరగతిలోని ఒక అమ్మాయి మంగళవారం రాత్రి సాధన ముగించుకొని గంటకు పైగా బస్సులో వచ్చి, బుధవారం ఉదయం ప్రయోగశాలలో మా పక్కన నిలబడేది. మోకాలికి కట్టు ఉన్న రోజున కూడా ఆమె తరగతి మానడం నేను చూడలేదు.

వీరెవరికీ జీతం లేదన్నది మన వాళ్లు చాలామందికి తెలియదు. ఉపాధ్యాయినులు, నర్సులు, విద్యార్థినులు తమ పని తాము చేసుకుంటూనే ఈ స్థాయిలో ఆడుతున్నారు. కౌంటీ క్రీడాకారులకు ప్రభుత్వం ఇచ్చే నిధులు 2021లో గాని స్త్రీ పురుషులకు సమానం కాలేదు. 2023 వేసవిలో కౌంటీ జట్ల మహిళలు వైద్య సహాయం, ప్రయాణ ఖర్చులు, మైదానాల వసతి గురించి స్పష్టమైన ఒప్పందం కావాలని నిరసన తెలుపుతూనే మ్యాచ్‌లు ఆడారు. 2024 లీగ్ దాని తరువాత వచ్చిన మొదటి లీగ్ అని గుర్తు పెట్టుకొని చూస్తే, పట్టికలోని అంకెల వెనుక ఎంత శ్రమ ఉందో తెలుస్తుంది. గాల్వే పడిపోయినప్పుడు మా దగ్గర నిరాశ నిజంగానే కలిగింది. కాని ఆ జట్టు బలహీనమైనదని ఇక్కడ ఎవరూ అనుకోలేదు. వేసవిలో క్వార్టర్ ఫైనల్‌లో డబ్లిన్‌ను, సెమీఫైనల్‌లో కార్క్‌ను ఓడించి ఆ మాట నిజం చేసి చూపించింది.

లిమరిక్ గృహిణి

ఆటను కొత్తగా చూసేవారికి ఒక చిన్న సూచన. పురుషుల ఆట నియమాలతో పోల్చుకుంటూ చూస్తే అయోమయం కలుగుతుంది. మహిళల కౌంటీ మ్యాచ్ అరవై నిమిషాలు. నేల మీది బంతిని నేరుగా చేతితో తీసుకోవచ్చు, భుజంతో ఢీకొట్టకూడదు, పసుపు కార్డు వస్తే పది నిమిషాలు బయట కూర్చోవాలి. ఆ పది నిమిషాలలోనే లీగ్ మ్యాచ్‌లు చాలా తిరగబడతాయి. సమయం అందరికీ కనిపించే గడియారంలో వెనక్కి లెక్కపడుతుంది, కూత మోగగానే ఆట ఆగిపోతుంది.

ట్రిమ్ తల్లి

మీత్ కౌంటీలో ఉంటున్నదానిగా నేను న్యూరీ వైద్యుడి గారి పక్షమే, అయితే నా కారణం వేరు. 2020లో మా కౌంటీ రెండో శ్రేణి ఛాంపియన్‌షిప్ గెలిచింది. 2021 లీగ్‌లో రెండో డివిజన్ ఫైనల్‌లో కెర్రీని ఓడించింది. ఆ సెప్టెంబరులో, వరుసగా నాలుగు కప్పులు గెలిచి ఐదో దాని కోసం వచ్చిన డబ్లిన్‌ను 1-11, 0-12తో ఓడించి ఆల్ ఐర్లండ్ విజేత అయింది. 2022లో మొదటి డివిజన్, మళ్లీ ఆల్ ఐర్లండ్. ఏ కౌంటీ అయినా ఉన్నట్టుండి వేసవిలో పైకి లేవదు. తనకంటే కొంచెం బలమైన జట్టుతో వారం వారం ఆడే అవకాశం లీగ్ ఒక్కటే ఇస్తుంది.

జనాభా చూడండి. 2022 జనగణన ప్రకారం డబ్లిన్ కౌంటీలో పద్నాలుగున్నర లక్షల మంది, లీట్రిమ్ కౌంటీలో ముప్పై అయిదు వేల మంది. డివిజన్లు లేకుండా ఈ రెండింటినీ ఒకే మైదానంలో నిలబెడితే చిన్న కౌంటీ అమ్మాయిలు రెండేళ్లలో ఆట మానేస్తారు. కాబట్టి లీగ్ విలువను క్రోక్ పార్క్ ఫైనల్‌లో వెతకడం కంటే, మూడో నాలుగో డివిజన్‌లో పై మెట్టు కోసం పోరాడే జట్లలో వెతకడం న్యాయం.

డబ్లిన్ పాఠకురాలు

ట్రిమ్ తల్లి గారూ, మీ మాట ఆలోచింపజేసింది, కాని కొంత విభేదిస్తాను. మీత్ మెట్టు మెట్టుగా ఎక్కిన మాట నిజమే. గాల్వే మాత్రం మెట్టు దిగి కూడా ఫైనల్ చేరింది కదా? రెండు ఉదాహరణలూ ఒకే సూత్రానికి లొంగవు. కార్క్ ఉద్యోగి గారు చెప్పినట్టు ఒక్కొక్క కౌంటీ ఒక్కొక్క అవసరంతో ఆ ఏడు మ్యాచ్‌లకు వస్తుందనే మాటే నాకు ఎక్కువ నచ్చింది. 2023లో మొదటి డివిజన్ గెలిచిన కెర్రీ ఆ వేసవి ఫైనల్‌లో డబ్లిన్ చేతిలో ఓడింది, 2024లో లీగ్ ఫైనల్ ఓడి ఛాంపియన్‌షిప్ గెలిచింది. 2022లో కూడా ఆల్ ఐర్లండ్ ఫైనల్ ఓడిన ఆ జట్టు అన్నిసార్లు తిరిగి లేచి నిలబడటమే నా కళ్లకు పెద్ద విషయం.

గేలిక్ ఫుట్‌బాల్‌ను పోలిన ఆట ఆడే ఆస్ట్రేలియా లీగ్‌కు ఇక్కడి నుంచి వెళ్లే అమ్మాయిల గురించి ఎవరైనా చెప్పగలరా? మా అమ్మాయి తరచుగా అడుగుతుంది.

న్యూరీ వైద్యుడు

ఆస్ట్రేలియా మహిళల ఫుట్‌బాల్ లీగ్ మొదట్లో ఏడాది ఆరంభ నెలలలో జరిగేది, అంటే మన లీగ్ నెలలే. అప్పుడు వెళ్లినవారు వసంతంలో కౌంటీకి దక్కేవారు కాదు. 2022లో వారి సీజన్ ఆగస్టు చివరి నుంచి మొదలయ్యేలా మారింది కాబట్టి, ఇప్పుడు లీగ్, ఛాంపియన్‌షిప్ రెండూ ఆడి విమానం ఎక్కవచ్చు. మీత్‌కు చెందిన విక్కీ వాల్ 2022 ఫైనల్ గెలిచి నార్త్ మెల్‌బోర్న్‌కు వెళ్లారు. అర్మాకు చెందిన మాకిన్ అక్కచెల్లెళ్లు ఎయిమీ, బ్లాహీన్ ఇద్దరూ మెల్‌బోర్న్ జట్టుకు ఆడారు. అక్కడ జీతం ఇస్తారు. వైద్యుడిగా నా ఆందోళన ఒక్కటే: రెండు ఖండాలలో రెండు సీజన్లు ఆడిన శరీరానికి విశ్రాంతి దొరికేది ఎప్పుడు? మోకాలి లిగమెంట్ తెగి ఏడాదిపాటు ఆటకు దూరమయ్యే అమ్మాయిల సంఖ్యను తక్కువగా చూడకూడదు. జనవరిలో తొలి మ్యాచ్‌కే పూర్తి వేగంతో దిగాలన్న ఒత్తిడి వారి మీద పెట్టకపోవడం శిక్షకుల బాధ్యత.

గాల్వే విద్యార్థిని

మైదానాల విషయం కూడా అంతే ముఖ్యమైనది. మహిళల సంఘం పురుషుల సంఘం నుంచి ఇప్పటికీ వేరుగానే ఉంది. చాలా మైదానాలు పురుషుల సంఘానివి, మహిళల జట్లు వాటిని అడిగి తీసుకోవాలి. వానకు నేల నానిపోయినా, మంచుకు గడ్డకట్టినా మ్యాచ్ వేదిక చివరి నిమిషంలో మారుతుంది. 2020 డిసెంబరులో గాల్వే, కార్క్ మధ్య ఆల్ ఐర్లండ్ సెమీఫైనల్ వేదికను ఆ ఉదయమే మార్చి సమయాన్ని ముందుకు జరిపినప్పుడు, మా అమ్మాయిలకు శరీరాన్ని సిద్ధం చేసుకునే వ్యవధి కూడా సరిగా దొరకలేదని ఇక్కడివారు ఇప్పటికీ బాధతో చెప్పుకుంటారు. ఐర్లండ్ మాజీ అధ్యక్షురాలు మేరీ మెకలీస్ నాయకత్వంలోని బృందం మూడు గేలిక్ సంఘాలను (పురుషుల సంఘం, మహిళల ఫుట్‌బాల్ సంఘం, కమోగీ అనే మహిళల కర్ర-బంతి ఆట సంఘం) 2027 నాటికి ఒకటి చేయాలని లక్ష్యం ప్రకటించింది. అది జరిగితే మైదానాల కేటాయింపు లీగ్‌లోనే ముందుగా మారాలని నా కోరిక.

ట్రిమ్ తల్లి

చివరగా, పిల్లలను తీసుకెళ్లాలనుకునేవారికి మా అనుభవం. మొదటి డివిజన్ మ్యాచ్‌లు కొన్ని టీజీ4 ఛానెల్‌లో వస్తాయి; వ్యాఖ్యానం ఐరిష్ భాషలో ఉన్నా ఆట అర్థమవుతుంది. మైదానానికి వెళ్లదలిస్తే ఫిబ్రవరిలో మీకు దగ్గరలో జరిగే ఏ డివిజన్ మ్యాచ్‌కైనా వెళ్లండి. రద్దీ తక్కువ, ఆట ముగిశాక క్రీడాకారిణులు పిల్లలతో నిలబడి మాట్లాడతారు. వాన కోటు, మందపాటి సాక్సులు మరవకండి. తల్లులలో ఆడాలనే ఆసక్తి ఉన్నవారికి క్లబ్బులలో తల్లుల కోసం పోటీ లేని గేలిక్ ఆట కార్యక్రమం 2008 నుంచి నడుస్తున్నది. మా ఊరి జట్టులో ఇప్పుడు ఇద్దరు తెలుగువారం ఉన్నాము, ముందు అనుభవం ఏమీ అవసరం లేదు.