ఎల్బీ స్టేడియం క్రికెట్ చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి

కొత్తబంతి:
అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం నాన్నతో కలిసి అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు వస్తుంటే ఎల్బీ స్టేడియం దగ్గర ఆయన బండి ఆపించి "సచిన్ 186 కొట్టింది ఇక్కడేరా" అన్నారు. నేను నమ్మలేదు. ఉప్పల్ అయ్యుంటుంది నాన్నా అని వాదించాను. ఇంటికొచ్చి చూస్తే ఆయన చెప్పిందే నిజం. నేను పుట్టింది 2001లో, ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు మ్యాచ్ అంటే ఉప్పలే. ఎల్బీ స్టేడియం అంటే ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలు, పెద్ద పెద్ద సభలు, అంతే తెలుసు.

నాన్న ఇంకా ఏవేవో చెప్పారు, ఫతే మైదాన్ అన్నారు, పాకిస్తాన్‌తో చివరి బంతి అన్నారు, కానీ ఆయనకీ అన్నీ సరిగ్గా గుర్తులేవు. ఆ పేరు ఎక్కడిది? టెస్టులు కూడా ఆడారా? అంత చరిత్ర ఉన్న గ్రౌండ్ నుంచి క్రికెట్ ఎందుకు వెళ్లిపోయింది? స్కోర్‌కార్డులు నేను వెతుక్కోగలను, వాటి వెనకున్న కథ తెలిసినవాళ్లు చెప్తే బాగుంటుంది.

నిజాంకాలేజీ_88:
తమ్ముడూ, మీ నాన్నగారు చెప్పినవన్నీ నిజమే, ఇంకా చాలా ఉన్నాయి. నేను పక్కనే నిజాం కాలేజీలో చదువుకున్నాను కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను.

పేరు సంగతి ముందు. 1687లో ఔరంగజేబు గోల్కొండను నెలల తరబడి ముట్టడించి గెలిచాడు కదా, ఆ సమయంలో మొఘల్ సైన్యం ఇక్కడ విడిది చేసిందని, గెలిచాక ఈ చోటికి ఫతే మైదాన్, అంటే విజయ మైదానం అని పేరొచ్చిందని చెప్తారు. నిజాముల కాలంలో ఇక్కడ పోలో ఆడేవాళ్లు. స్టేడియానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టింది 1967లో, ఆయన తాష్కెంట్‌లో పోయిన మరుసటి ఏడాది. కానీ మా ఇంట్లో పెద్దవాళ్లు చివరిదాకా ఫతే మైదాన్ అనే అన్నారు, ఎల్బీ స్టేడియం అనే మాట వాళ్ల నోట నేను వినలేదు.

ఇక టెస్టులు. మూడు జరిగాయి, 1955, 1969, 1988. మూడూ న్యూజిలాండ్‌తోనే! మొదటిది 1955 నవంబర్‌లో, ఇండియా కెప్టెన్ మన హైదరాబాదీ గులాం అహ్మద్. సొంత ఊళ్లో జరిగే తొలి టెస్టుకి సొంత ఊరివాడే కెప్టెన్ కావడం ఎంత అపురూపమో చూడు. ఆ మ్యాచ్‌లో పాలీ ఉమ్రిగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో ఇండియా తరఫున అదే మొట్టమొదటి డబుల్ సెంచరీ. గవాస్కర్, సచిన్, సెహ్వాగ్, కోహ్లీ ఎవరు డబుల్ సెంచరీ కొట్టినా ఆ వరస మొదలైంది మన బషీర్‌బాగ్‌లో. కృపాల్ సింగ్ అదే మ్యాచ్‌లో అరంగేట్రం చేసి సెంచరీ కొట్టాడు, మంజ్రేకర్ (విజయ్ మంజ్రేకర్, సంజయ్ వాళ్ల నాన్న) 118, బౌలింగ్‌లో సుభాష్ గుప్తే ఏడు వికెట్లు. అయినా మ్యాచ్ డ్రా, బెర్ట్ సట్‌క్లిఫ్ రెండో ఇన్నింగ్స్‌లో 137తో అవుట్ కాకుండా నిలబడ్డాడు.

1988 డిసెంబర్ టెస్టుకి నేను వెళ్లాను. సిరీస్ 1-1తో హైదరాబాద్ వచ్చింది, ఇక్కడ గెలిచినవాళ్లదే సిరీస్. జట్టులో మనవాళ్లు ఇద్దరు, అజారుద్దీన్, అర్షద్ అయూబ్. అజార్ 81 కొట్టాడు, అతను ఫ్లిక్ ఆడిన ప్రతిసారీ స్టాండ్స్ మొత్తం లేచి నిలబడేది. బంతి ఎటు పోయిందో చూడకుండానే లేచేవాళ్లం, ఎటు పోతుందో మాకు తెలుసు కాబట్టి. ఇండియా 10 వికెట్లతో గెలిచింది. ఈ గ్రౌండ్‌లో ఇండియా గెలిచిన టెస్టు అదొక్కటే. అదే ఇక్కడ జరిగిన చివరి టెస్టు కూడా.

రేడియో_రోజులు:
1969 గురించి ఎవరూ రాయకపోతే నేను రాయాల్సిందే. అది మనం గర్వంగా చెప్పుకునే మ్యాచ్ కాదు, అయినా దాన్ని దాచేస్తే చరిత్ర సగమే అవుతుంది.

అప్పుడు కూడా సిరీస్ 1-1. బొంబాయిలో మనం గెలిచాం, నాగపూర్‌లో వాళ్లు గెలిచారు, ఇక్కడ గెలిస్తే ఇండియాలో న్యూజిలాండ్‌కి మొదటి సిరీస్ గెలుపు. పిచ్ మీద గడ్డి కోయాల్సిన రోజున కోయలేదు, తర్వాత కోస్తామంటే వాళ్ల కెప్టెన్ గ్రాహం డౌలింగ్ నిబంధన చూపించి ఒప్పుకోలేదు. ఆ పిచ్ మీద మనవాళ్లు మొదటి ఇన్నింగ్స్‌లో 89కి ఆలౌట్. అందులో కూడా 49 పరుగులకే తొమ్మిది వికెట్లు పడితే ఆఖరి జోడీగా వెంకటరాఘవన్, బేడీ 40 పరుగులు కలిపారు.

మానాన్న ఆ రోజు స్టాండ్స్‌లో ఉన్నారు. నేను చిన్నవాణ్ణి, ఇంట్లో రేడియో దగ్గర. సాయంత్రం ఆయన రావడం ఆలస్యమైతే అమ్మ గుమ్మంలోనే కూర్చుంది. ఓడిపోతున్నామని జనం గొడవ చేశారని తర్వాత చాలామంది అన్నారు, కానీ నాన్న చెప్పింది వేరు. చివరి జోడీ ఆడుతుంటే అభినందించడానికి ఒక కుర్రాడు మైదానంలోకి పరిగెత్తాడు, భద్రతవాళ్లు అతన్ని రక్తం వచ్చేలా కొట్టారు, అది కళ్లారా చూసిన జనం తిరగబడ్డారు. ఓటమి కోపం కూడా కలిసి ఉంటుంది, కాదనను. కానీ నిప్పు అంటుకుంది అక్కడ.

ఆఖరి రోజు మనకి 268 కావాలి, 76 పరుగులకి ఏడు వికెట్లు పోయాయి. అప్పుడు వాన పడింది. వాన ఆగి ఎండ వచ్చాక కూడా మైదానంలో నీళ్లు తోడే పని నత్తనడక నడిచింది, చూడలేక డౌలింగే తన ఆటగాళ్లతో దిగి నీళ్లు తుడిచాడు. అయినా ఆట మళ్లీ మొదలవలేదు. డ్రా. నాన్న ఎప్పుడూ ఒకటే మాట అనేవారు, ఆ రోజు మనం ఓడిపోయి ఉంటే ఇంతకంటే తలెత్తుకుని బయటికి వచ్చేవాళ్లం అని. నాకూ అదే అనిపిస్తుంది.

ఇంకొకటి, ఆ 1969 మ్యాచ్‌లో మనల్ని ముప్పుతిప్పలు పెట్టినవాడు డేల్ హాడ్లీ. పైన అన్న చెప్పిన 1988 టెస్టులో న్యూజిలాండ్ తరఫున ఆడింది అతని తమ్ముడు రిచర్డ్ హాడ్లీ. పంతొమ్మిదేళ్ల తేడాతో అన్నదమ్ములిద్దరూ ఇదే గ్రౌండ్‌లో, రెండుసార్లూ సిరీస్ తేల్చే మ్యాచ్‌లో బంతి వేశారు.

లక్ష్మణ్_మణికట్టు:
నేను 1999 మ్యాచ్‌కి వెళ్లాను!! నవంబర్ 8, సోమవారం, దీపావళి మర్నాడు. చేతికి ఇంకా మతాబుల వాసన పోలేదు, పొద్దున్నే పోయి లైన్లో నిలబడ్డాం.

గంగూలీ మొదట్లోనే రనౌట్ అయ్యాడు, నా పక్కనున్నాయన తల పట్టుకున్నాడు. ఆ తర్వాత ద్రవిడ్ వచ్చాడు, ఇక సాయంత్రం దాకా వికెట్ అనే మాటే లేదు అన్నట్టు ఆడారు. ఇద్దరూ కలిసి 331. వన్డేల్లో ఏ వికెట్‌కైనా అదే పెద్ద భాగస్వామ్యం అప్పటికి, 2015 వరల్డ్ కప్‌లో గేల్, శామ్యూల్స్ 372 కొట్టేవరకు ఆ రికార్డు మన ఎల్బీ స్టేడియం పేరు మీదే ఉంది. సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153, టోటల్ 376. అప్పట్లో 250 కొడితే గెలిచేసినట్టే లెక్క, 376 అంటే స్కోర్‌బోర్డు తప్పు చూపిస్తోందేమో అని నిజంగానే అనుకున్నాం. ద్రవిడ్ నెమ్మదిగా ఆడతాడని తిట్టేవాళ్లు అప్పట్లో చాలామంది, ఆ రోజు అతను బంతికొక పరుగు చొప్పున ఆడాడు, ఎవరి నోటా మాట లేదు.

అవతలి జట్టు ఎవరంటారా, న్యూజిలాండే. 174 పరుగులతో ఓడారు పాపం.

కొత్తబంతి గారూ, మీ నాన్నగారు అన్న పాకిస్తాన్ మ్యాచ్ 1987 మార్చి 20. రెండు జట్ల స్కోరూ 212. చివరి బంతికి అబ్దుల్ ఖాదిర్ రెండో పరుగుకి వెళ్లి రనౌట్. అప్పటి రూల్ ప్రకారం తక్కువ వికెట్లు పోయిన జట్టు గెలిచినట్టు, మనకి ఆరు, వాళ్లకి ఏడు. నేను అప్పుడు స్కూల్లో ఉన్నాను, టీవీలో చూశాను, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఆఫ్‌స్పిన్:
మంచి చర్చ. 1987 వరల్డ్ కప్ మ్యాచ్ కూడా చేర్చండి. అక్టోబర్ 10, న్యూజిలాండ్, జింబాబ్వే (మళ్లీ న్యూజిలాండ్!). జింబాబ్వే తరఫున డేవ్ హౌటన్ 142 కొట్టాడు, ఒక్కడే జట్టుని భుజాన మోసుకుని దాదాపు ఒడ్డుకి చేర్చాడు, మూడు పరుగుల తేడాతో ఓడారు. ఇండియా లేని మ్యాచ్‌లో ఓడిపోయిన జట్టు ఆటగాణ్ణి మన ఊరు గుర్తుపెట్టుకోవడం నాకు చాలా ఇష్టమైన విషయం.

అలాగే హైదరాబాద్ రంజీ జట్టు 944 పరుగులు కొట్టింది కూడా ఈ గ్రౌండ్‌లోనే కదా, ఎం.వి. శ్రీధర్ 366?

నిజాంకాలేజీ_88:
కాదు బ్రదర్, అది సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్. 1993-94 సీజన్, ఆంధ్ర జట్టు మీద, ఆరు వికెట్లకి 944. శ్రీధర్ 366, వివేక్ జైసింహ 211, నోయల్ డేవిడ్ 207 నాటౌట్. ఒకే ఇన్నింగ్స్‌లో ముగ్గురు రెండొందలు దాటారు. ఆంధ్రావాళ్లు ఎన్ని గంటలు ఫీల్డింగ్ చేశారో తలుచుకుంటేనే కాళ్లు నొప్పి పుడతాయి.

అసలు మన క్రికెట్‌కి మొదటి ఇల్లు జింఖానానే. మొయినుద్దౌలా గోల్డ్ కప్ 1930-31లో మొదలైంది అక్కడే, ఫతే మైదాన్‌కి తర్వాత వచ్చింది. మా నాన్నగారి తరానికి ఆ కప్ పెద్ద పండగ. దేశంలో పేరున్న ఆటగాళ్లంతా వచ్చేవాళ్లు. ఎం.ఎల్. జైసింహ (వివేక్ వాళ్ల నాన్న) కెప్టెన్సీలో పటౌడీ హైదరాబాద్‌కి ఆడేవాడు, ఇండియా కెప్టెన్ అయ్యుండి కూడా ఇక్కడ జైసింహ మాట కింద ఆడాడు. టెస్ట్ మ్యాచ్ రోజుల్లో కంటే అలాంటి మామూలు రోజుల్లో, సగం ఖాళీ స్టాండ్స్‌లో కూర్చుని చూసిన ఆటే ఈ గ్రౌండ్ అసలు గొప్పదనం అని నా అభిప్రాయం.

కొత్తబంతి:
అందరికీ చాలా థాంక్స్. 1969 సంగతి చదువుతుంటే ఒళ్లు జలదరించింది. కానీ నా చివరి ప్రశ్నకి ఇంకా ఎవరూ చెప్పలేదు, ఎందుకు వెళ్లిపోయారు?

రేడియో_రోజులు:
పెద్ద రహస్యం ఏమీ లేదు బాబూ. ఎల్బీ స్టేడియం క్రికెట్ సంఘం సొంతం కాదు, ప్రభుత్వ క్రీడా సంస్థ చేతిలో ఉంది. క్రికెట్ అక్కడ అద్దె ఇంట్లో ఉన్నట్టు ఉండేది. మిగతా ఆటలు, సభలు, ప్రమాణ స్వీకారాలు అన్నీ అక్కడే. ఎన్టీఆర్ 1983 జనవరిలో మొదటిసారి ప్రమాణం చేసింది కూడా అక్కడే. సభ అయ్యాక అవుట్‌ఫీల్డ్ ఎలా ఉంటుందో ఊహించుకో, గుంజలు పాతిన గుంతలు, తొక్కేసిన గడ్డి. పైగా ఊరు నడిబొడ్డు. సొంత గ్రౌండ్ కావాలనుకోవడం న్యాయమే, అందుకే ఉప్పల్. ఎల్బీలో ఆఖరి వన్డే 2003 నవంబర్ 15న జరిగింది, సచిన్, సెహ్వాగ్ ఇద్దరూ సెంచరీలు, ద్రవిడ్ 22 బంతుల్లో 50. ఉప్పల్‌లో మొదటి వన్డే 2005 నవంబర్ 16, దక్షిణాఫ్రికాతో.

మారడం తప్పని నేను అనను. నా బాధల్లా ఒకటే, ఉమ్రిగర్ ఇక్కడ 223 కొట్టాడని ఆ గోడ మీద ఒక పలక కూడా నా కంట పడలేదు. మీలాంటి కుర్రాడు ఆ గేటు ముందు నుంచి వెళ్తూ ఇది సభలు జరిగే చోటు అనుకున్నాడంటే తప్పు మీది కాదు.

లక్ష్మణ్_మణికట్టు:
2003 మ్యాచ్ ఎవరితోనో చెప్పడం మర్చిపోయారు, న్యూజిలాండ్‌తోనే :) ఉప్పల్‌లో మొదటి టెస్టు 2010లో, అదీ వాళ్లతోనే, హర్భజన్ సెంచరీ, మెకల్లమ్ 225. 2012లో మళ్లీ వాళ్లే. అంటే హైదరాబాద్‌లో జరిగిన మొదటి ఐదు టెస్టులూ న్యూజిలాండ్‌తోనే. 2023 జనవరిలో వన్డేలో గిల్ 208 కొట్టింది కూడా ఉప్పల్‌లో న్యూజిలాండ్ మీదే.

కొత్తబంతి:
ఇవన్నీ నిన్న రాత్రి నాన్నకి చదివి వినిపించాను. 1987 మ్యాచ్ దగ్గర ఆపమని, ఖాదిర్ రనౌట్ అయినప్పుడు తను నిజాం కాలేజీ వైపు స్టాండ్‌లో ఉన్నానని చెప్పారు. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు కూడా. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం, లోపలికి వెళ్లనిస్తే తను ఎక్కడ కూర్చున్నారో చూపిస్తారట.