సైక్లింగ్ క్లాసులో పాత పాటలు: గొంతు మాయమవుతోంది, బీట్ కుదరట్లేదు

కొండాపూర్_పెడల్

అందరికీ నమస్కారం. ఇండోర్ సైక్లింగ్ స్టూడియో, 18 బైకులు, 45 నిమిషాల క్లాసు. శనివారం పొద్దున ఆరింటి బ్యాచ్‌లో ఎక్కువమంది యాభై దాటినవాళ్లే. వాళ్లకు క్లాసంతా 60ల నుంచి 80ల దాకా వచ్చిన తెలుగు పాటలే కావాలట. ప్లేలిస్టు కడదామని కూర్చుంటే ఇవీ చిక్కులు:

ఇయర్‌ఫోన్‌లో శుభ్రంగా ఉన్న పాట స్టూడియో స్పీకర్‌లో పీలగా వస్తోంది. కొన్నిట్లో గొంతే ఉండదు, వయొలిన్లు మాత్రం గుహలో వాయించినట్టు వినిపిస్తాయి. 60ల పాటలైతే సుయ్‌మనే శబ్దం తప్ప దాదాపు ఏమీ రాదు. మామూలు క్లాసుల్లో వాడే రీమిక్సులకు ఈ గొడవ పెద్దగా తెలియలేదు. ఫోన్ నుంచి ఒకే వైరు, నేరుగా పవర్డ్ స్పీకర్ (లోపలే ఆంప్లిఫయర్ ఉన్నది) వెనక ఎక్స్‌ఎల్‌ఆర్‌లోకి (మైకు వైరు గుచ్చే మూడు పిన్నుల సాకెట్). స్పీకర్ బాగానే ఉందని సర్వీసువాళ్లు చెప్పారు.

బీట్ లెక్కపెట్టే యాప్‌లు ఒకే పాటకు ఒకటి 92, ఒకటి 138, ఇంకోటి 184 చూపిస్తున్నాయి. ఏది నమ్మాలి?

మంచి కాపీలు ఎక్కడ దొరుకుతాయి? ఒక పాట గట్టిగా, ఇంకోటి మెల్లగా ఉంటే ఎలా సరిచేయాలి? అన్నట్టు, లైసెన్సు సంగతి కూడా చెప్పండి.

ఆడియోవైరు

ముందు గొంతు సంగతి తేల్చేద్దాం. అది పాటల తప్పూ కాదు, స్పీకర్ తప్పూ కాదు. ఆ ఒక్క వైరు.

ఫోన్ 3.5 ఎం.ఎం. పిన్నులో ఎడమ, కుడి అని రెండు వేర్వేరు సిగ్నళ్లు వస్తాయి. స్పీకర్ ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్ స్టీరియోది కాదు, బ్యాలెన్స్‌డ్ మోనో. రెండో పిన్నులో వచ్చినదాంట్లోంచి మూడో పిన్నులో వచ్చినది తీసేసి, మిగిలింది వినిపించడం దాని పని. మైకు వైరుకు అది వరం. దారిలో అంటుకున్న గుర్ర్ శబ్దం రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది. మీ వైరు మాత్రం ఎడమను రెండో పిన్నుకు, కుడిని మూడో పిన్నుకు ఇస్తోంది. దాంతో స్పీకర్ ఎడమలోంచి కుడిని తీసేస్తోంది. రెండువైపులా సమానంగా ఉన్నదంతా సున్నా అయిపోతుంది. మిక్సింగ్‌లో గొంతు, బేస్, డ్రమ్ము నడిమధ్యన పెడతారు, అవి పోతాయి. పక్కలకు పరిచిన వయొలిన్లు, ఎకో మిగులుతాయి. మీరన్న గుహ అదే.

60ల పాట మోనో. ఎడమా కుడీ ఒకటే, అందుకని పాటకు పాటే పోయింది. స్టీరియో డెక్కులో ఎక్కించినప్పుడు రెండు ట్రాకుల్లో వేర్వేరుగా పడిన టేపు సుయ్ మాత్రం మిగిలింది. రీమిక్సుల్లో సింథ్‌లు బాగా వెడల్పుగా పరుస్తారు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు.

పరీక్ష చాలా తేలిక. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ‘మోనో ఆడియో’ ఆన్ చేసి కొత్త పాట ఏదైనా పెట్టండి. స్పీకర్ మూగబోతే దొంగ దొరికినట్టే.

మీకు కావాల్సింది ఒకవైపు 3.5 స్టీరియో పిన్ను, ఇంకోవైపు రెండు 6.35 ఎం.ఎం. మోనో పిన్నులు ఉన్న వై కేబుల్, దానితోపాటు ఒక చిన్న మిక్సర్. కోఠిలో గుజరాతీ గల్లీలో అడగండి. కొనేముందు పెద్ద పిన్ను మీద నల్ల గీతలు చూడండి. ఒక గీత ఉంటే మోనో, రెండు ఉంటే స్టీరియో. మీకు ఒక గీతదే కావాలి, రెండు గీతలది తెచ్చుకుంటే ఇదే కథ మళ్లీ మొదలు. రెండు కాళ్లూ మిక్సర్‌లో రెండు ఛానెళ్లకు ఇవ్వండి. స్పీకర్ ఒక్కటే అయితే రెండు పాన్ నాబ్‌లూ (ధ్వనిని ఎడమకో కుడికో జరిపేవి) మధ్యలోనే ఉంచాలి. తొలినాళ్ల స్టీరియో పాటల్లో గొంతు ఒక పక్కకు, వాద్యాలు ఇంకో పక్కకు వేసినవి ఉన్నాయి. పాన్ చివరికి తిప్పి ఒకే స్పీకర్‌కు ఇస్తే సగం పాటే వినిపిస్తుంది.

మిక్సర్ వచ్చేదాకా మోనో ఆడియో ఆన్ చేసి, వై కేబుల్ ఒక కాలే స్పీకర్‌కు ఇచ్చి నడిపించుకోవచ్చు. క్లాసు టైములో ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరవొద్దు.

లయ_తప్పొద్దు

మీ మూడు నంబర్లూ ఒకదానికొకటి చుట్టాలే. 92కు ఒకటిన్నర రెట్లు 138, రెండు రెట్లు 184. అలా వచ్చిందంటే పాట తిస్ర నడకలో ఉందని దాదాపు ఖాయం. మన తీన్‌మార్ దెబ్బలా ప్రతి దెబ్బలో మూడు చిన్న ముక్కలు. యాప్ ఆ ముక్కల్ని రెండేసి చొప్పున జతకట్టి 138 అంటుంది. 138కి అడుగు వేయిస్తే ప్రతి రెండు దెబ్బలకు మూడు అడుగులు పడతాయి. తాళం ఒక చుట్టులో మొదటి దెబ్బ కుడికాలి మీద, తర్వాతి చుట్టులో ఎడమకాలి మీద. పది సెకన్లలో క్లాసు చెల్లాచెదురు.

యాప్ పక్కన పెట్టి చేత్తో లెక్కపెట్టండి. డోలక్‌లో ‘ధ’ అని బరువుగా పడే చోట చప్పట్లు, 30 సెకన్లు, ఇంటూ రెండు. మొదటి పల్లవిలో ఒకసారి, చివరి చరణంలో ఒకసారి. రెండూ ఒకటి కావు, ఎందుకంటే అప్పట్లో అందరూ కలిసి ఒకే టేకులో వాయించేవారు. 126తో మొదలై 130 దగ్గర ముగిసినా కంగారు పడొద్దు. ఒక చుట్టుకు రెండు అడుగులు కాబట్టి ఆర్‌పీఎంలో (నిమిషానికి పెడల్ చుట్లు) తేడా 2 మాత్రమే, కాలు తనంతట తనే సర్దుకుంటుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో గడియారంలా దిద్దితే పాట ప్రాణం పోతుంది.

ఇక లెక్క. కొండ ఎక్కడానికి 60 నుంచి 80 ఆర్‌పీఎం, చదును దారికి 80 నుంచి 110. దెబ్బకో అడుగు వేస్తే బీపీఎంలో (నిమిషానికి దెబ్బలు) సగం ఆర్‌పీఎం: 128 పాట 64కు, బరువు పెట్టి ఎక్కడానికి. దెబ్బకో పూర్తి చుట్టు వేస్తే బీపీఎం ఎంతో ఆర్‌పీఎం అంతే. మీ 92 పాట అలాంటిది. ‘ధ పడినప్పుడల్లా కుడికాలు కిందకి’ అని ఒక్క మాట చెప్తే చాలు, చదును దారి పాట తయారు. 110 దాటించొద్దు. సీటు మీద ఎగిరెగిరి పడుతున్నారంటే రెసిస్టెన్స్ చాలట్లేదని అర్థం, ఆ వయసువాళ్లకు మోకాలి మీద పడుతుంది.

పాట వేగం కాస్త పెంచాలంటే ఆడాసిటీలో (ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) ‘చేంజ్ టెంపో’. 132ను 136 చేయడం 3 శాతం, ఎవరికీ తెలియదు. 5, 6 శాతం దాటితే తబలా దెబ్బ రెండుసార్లు పడినట్టు చెదురుతుంది.

కొత్త డ్యాన్స్ ట్రాకులకు లేని సుఖం పాత పాటల కట్టడంలో ఉంది. ముందు తాళం లేని సాకీ ఉంటే నాబ్ సర్దుకోవడానికి, నీళ్లు తాగడానికి వదిలేయండి. దాన్ని కత్తిరిస్తే మీ పెద్దవాళ్లు ఊరుకోరు కూడా. పల్లవిలో కూర్చుని ఎక్కడం, చరణంలో లేచి నిలబడటం. రెండు ఇంటర్‌లూడ్‌లూ (వాద్యాలు మాత్రమే వినిపించే ముక్కలు) సుమారు అరనిమిషం ఉంటే తోపుకు, అంటే జోరుగా తొక్కించడానికి, సరిగ్గా సరిపోతాయి. పాడేవాళ్లు లేరు కాబట్టి మీ మాటా వినిపిస్తుంది. ఎప్పుడు ఏం చేయించాలో రాసుకునే క్యూ షీటు ఇలా ఒక చీటీ మీద చాలు: 0:00 సాకీ, బరువు పెంచు, 0:34 పల్లవి, కూర్చో, 1:20 ఇంటర్‌లూడ్, తోపు, 1:52 చరణం, లే. రెండో ఇంటర్‌లూడ్‌లో నడక మారే పాటలూ ఉన్నాయి, అందుకే పాట చివరిదాకా వినకుండా క్లాసులో పెట్టొద్దు.

కొండాపూర్_పెడల్

ఆడియోవైరు గారూ, మోనో ఆన్ చేయగానే స్పీకర్ పూర్తిగా చచ్చిపోయింది. వైరే! లయ గారూ, చేత్తో లెక్కపెడితే 91, 93 మధ్య వచ్చింది. ఇంక కాపీలు, వాల్యూమ్ సంగతి ఎవరైనా చెప్పండి. ఇంట్లో క్యాసెట్లు కూడా ఒక పెట్టెడు ఉన్నాయి.

టేప్‌డెక్

మొదట లేబుల్ అధికారికంగా పెట్టిన డిజిటల్ కాపీ చూడండి, క్యాసెట్ ఆఖరి దారి. ఒకే పాటకు నాలుగు రూపాలు కనిపిస్తే నిడివి పోల్చండి. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త అటూఇటూ మాత్రమే పట్టేది, అందుకని సినిమాలో ఉన్న చరణం రికార్డు రూపంలో లేకపోవచ్చు. ఒకదాన్ని విని రాసుకున్న క్యూ షీటు ఇంకోదానికి పనికిరాదు. పైన ఎలక్ట్రానిక్ డ్రమ్ అతికించిన జంకార్ రకాలు వద్దు. అడుగున అసలు లయ జారుతుంటే పైన మెషీన్ బీట్ జారదు, కాలు దేన్ని పట్టుకోవాలో తెలియదు.

ఎవరో వాట్సాప్‌లో పంపిన ‘320’ కేబీపీఎస్ ఫైళ్లను ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ వ్యూలో (ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపే బొమ్మ) చూడండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అది చాలావరకు 128ను ఉబ్బించిన ఫైలే.

క్యాసెట్టే గతి అయితే: జుమేరాత్ బజార్‌లో పాత డెక్ కొంటే బెల్టు పోయిందనే అనుకోండి. సాగిన బెల్టుతో పాట నెమ్మదిస్తుంది, శ్రుతీ దిగుతుంది. హెడ్, క్యాప్‌స్టన్ (టేపును లాగే లోహపు కడ్డీ) ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో తుడవండి, రబ్బరు రోలర్‌కు మాత్రం అది ఎక్కువ పట్టించొద్దు. డెక్ లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు. లాప్‌టాప్ మైకు రంధ్రం ఈ పనికి కాదు. పెద్ద దెబ్బ మైనస్ 6 డీబీ దాటకుండా లెవెల్ పెట్టండి.

వేగం తేడా ఇలా తెలుస్తుంది. అధికారిక కాపీలో పల్లవి మొదలు నుంచి చివరి ముక్తాయింపు దాకా 280 సెకన్లు, మీ టేపులో 289 అనుకోండి. 289ని 280తో భాగిస్తే 1.032, అంటే 3.2 శాతం పెంచాలి. ఇక్కడ ‘చేంజ్ టెంపో’ కాదు, శ్రుతి కూడా ఎక్కాలి కాబట్టి ‘చేంజ్ స్పీడ్ అండ్ పిచ్’.

హిస్ (టేపు సుయ్ శబ్దం) తీయడానికి తంటాలు పడొద్దు. 18 చక్రాలు, నాలుగు ఫ్యాన్ల మధ్య అది ఎవరికీ వినపడదు. నాయిస్ రిడక్షన్ అతిగా వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. 50 హెర్ట్జ్ హమ్ ఉంటే అది మాత్రం తీసేయండి, పెద్ద స్పీకర్‌లో అదే గుయ్‌మంటుంది. బేస్ చాలకపోతే 80 నుంచి 120 హెర్ట్జ్ మధ్య 2, 3 డీబీ పెంచండి. అంతకంటే కిందికి వెళ్తే పెంచడానికి చాలా పాత రికార్డింగుల్లో ఏమీ ఉండదు.

వాల్యూమ్ సరిచేయడానికి ‘నార్మలైజ్’ పనికిరాదు, అది పెద్ద దెబ్బను మాత్రమే చూస్తుంది. ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’ వాడండి, మోనోను డ్యూయల్ మోనోగా చూసే టిక్ తీయొద్దు. అందరూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) అంటారు. పాతవాటిని అంతదాకా లాగితే డోలక్ దెబ్బలు పై హద్దుకు తగులుతాయి, హద్దు దాటకుండా లిమిటర్ పెడితే అది వాటిని నలిపేస్తుంది. అన్నిటినీ మైనస్ 16కు తెచ్చి, తక్కువైనది మిక్సర్‌లో పెంచుకోవడం నయం.

ఆడియోవైరు

పెంచమన్నారు కదా అని మరీ పెంచొద్దు. ముందు వరుస బైకు దగ్గర ఫోన్‌లో శబ్దం కొలిచే మీటర్ యాప్‌తో చూడండి. 85 డెసిబెల్స్ 8 గంటలకు పరిమితి, ప్రతి 3 డెసిబెల్స్‌కు టైము సగమవుతుంది. 94 దగ్గర ఒక్క గంటే. రైడర్లకు సరే, రోజుకు మూడు క్లాసులు చెప్పే ట్రైనర్ చెవులకు చాలా ఎక్కువ.

కాగితం_పని

లైసెన్సు గురించి. స్ట్రీమింగ్ యాప్ చందా వ్యక్తిగత వినియోగానికే, డబ్బు తీసుకునే క్లాసుకు అది లైసెన్సు కాదు. రెండు వేర్వేరు హక్కులున్నాయి. సాహిత్యం, బాణీకి ఐపీఆర్‌ఎస్ (రచయితలు, స్వరకర్తల తరఫున లైసెన్సు ఇచ్చే సంస్థ). రికార్డింగుకు లేబుల్ లేదా ఆ లేబుల్ తరఫున లైసెన్సు ఇచ్చే పీపీఎల్ లాంటి సంస్థ. ఏ లేబుల్ ఎవరి దగ్గర ఉందో మీ ప్లేలిస్టు ముందు పెట్టుకుని అడగండి, ఊరికే ‘అన్ని పాటలకూ’ అని కట్టొద్దు.

పాతది కాబట్టి ఫ్రీ అనుకోవడానికీ లేదు. రికార్డింగుపై హక్కు విడుదలైన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్లు. 1964లో వచ్చినదానికి 2024 డిసెంబరు 31తో తీరింది. కానీ రాసినవారు, బాణీ కట్టినవారి హక్కు వాళ్లు పోయాక ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి 1964 పాటకు కూడా ఐపీఆర్‌ఎస్ కాగితం అవసరం పడొచ్చు. ఇక మీ క్యాసెట్ పెట్టె: క్యాసెట్ కొన్నంత మాత్రాన అందులో పాట క్లాసులో వినిపించే హక్కు రాదు. టేప్‌డెక్ గారి పద్ధతిలో ఎక్కించినా అవే కాగితాలు కావాలి.