గస్తీకి మనమే తిరగాలా?

మూడో అంతస్తు:
మా వీధిలో ఒక్క నెలలో రెండు ఇళ్ల తాళాలు పగిలాయి. ఆదివారం మీటింగ్ పెట్టి తీర్మానం చేశారు. రోజుకు నలుగురు చొప్పున మగవాళ్లంతా వంతులేసుకుని రాత్రి పదకొండు నుంచి నాలుగు దాకా గస్తీ తిరగాలట. విజిల్, టార్చి, చేతికో కర్ర. రానివాళ్ల పేర్లు వాట్సాప్ గ్రూపులో పెడతారట. భయం నాకూ ఉంది, కాదనను. కానీ చీకట్లో ఎవరిని ఆపాలి, ఆపి ఏం చేయాలి? దీని మీద మీటింగులో ఒక్కరూ మాట్లాడలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతకాపు:
ఇందులో ఇంత ఆలోచించడానికేముంది? స్టేషన్లో ఉండే సిబ్బంది ఎంతమంది, వాళ్లు తిరగాల్సిన వీధులెన్ని? మన గుమ్మం ముందు మనం నిలబడకపోతే ఎవరొచ్చి నిలబడతారు? మేం రెండేళ్లు తిరిగాం. ఆ రెండేళ్లలో ఒక్క దొంగతనం లేదు.

లెక్కలమనిషి:
పాతకాపు గారూ, తిరగక ముందు రెండేళ్లలో ఎన్ని జరిగాయి?

పాతకాపు:
ఒకటి. అయితే?

లెక్కలమనిషి:
ఒకటి పోయి సున్నా అయింది. సంతోషమే గానీ, దాన్ని గస్తీ ఖాతాలో రాయలేం. ఇలాంటి దళాలు పుట్టేదే వరసగా దొంగతనాలు పడ్డప్పుడు. ఎవరూ ఏమీ చేయకపోయినా ఆ వరస కొన్నాళ్లకు చల్లబడుతుంటుంది. జ్వరం ఎలాగూ దిగే రోజున వేసుకున్న మాత్రకు పేరొచ్చినట్టు.

అసలు ఉపయోగమే లేదని మాత్రం అనను. బెనెట్, హోలోవే, ఫారింగ్టన్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి 2008లో లెక్క కట్టారు. ఇరుగుపొరుగు నిఘా పెట్టుకున్నచోట నేరాలు 16 నుంచి 26 శాతం తగ్గినట్టు తేలింది. ఎందువల్ల తగ్గాయన్నది వాళ్లూ గట్టిగా చెప్పలేకపోయారు. పైగా ఆ పథకాల్లో ఎక్కువ భాగం కర్ర పట్టుకుని తిరిగేవి కావు. అమెరికాలో షెరీఫుల (అక్కడి స్థానిక పోలీసు అధికారుల) జాతీయ సంఘం 1972లో మొదలుపెట్టిందీ, బ్రిటన్‌లో 1982లో మోలింగ్టన్ అనే పల్లెలో మొదలైందీ ఒకటే పద్ధతి: కనిపెట్టి ఉండు, తేడాగా ఉంటే పోలీసులకు చెప్పు. పట్టుకోమని కాదు.

కిటికీ పక్క కుర్చీ:
నేను “మగవాళ్లంతా” అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మూడో అంతస్తు గారూ, ఆ రెండు దొంగతనాలూ ఎన్ని గంటలకు జరిగాయండీ?

మూడో అంతస్తు:
ఒకటి పట్టపగలు, ఇంట్లో ఇద్దరూ ఆఫీసుకెళ్లినప్పుడు. రెండోది ఎప్పుడో ఎవరికీ తెలీదు. వాళ్లు ఊరి నుంచి తిరిగొచ్చి చూసుకున్నారు.

కిటికీ పక్క కుర్చీ:
మరి అర్ధరాత్రి విజిల్ ఎవరి కోసం? ఊరెళ్లినవాళ్ల గుమ్మంలో పేపర్లు పోగుపడితే తీసి లోపల పెట్టేవాళ్లు లేరు. పొద్దున పదింటికి తెలియని మనిషి గేటు తీస్తుంటే “ఎవరు కావాలి బాబూ” అని అడిగేవాళ్లు లేరు. ఆ సమయంలో ఇంట్లో ఉండేది మేమే. మమ్మల్ని మాత్రం మీటింగుకే పిలవరు.

ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ దగ్గర కిర్క్‌హోల్ట్ అనే నివాస సముదాయంలో 1980ల్లో ఒక ప్రయోగం చేశారు. ఒకసారి దొంగలు పడిన ఇంట్లోనే కొద్దిరోజుల్లో మళ్లీ పడుతున్నారని గమనించి, వీధంతా కాపలా పెట్టకుండా ఆ ఇంటి చుట్టూ ఉన్న అరడజను ఇళ్లవాళ్లను మాత్రం ఒక కన్నేసి ఉంచమన్నారు. మూడేళ్లలో దొంగతనాలు నాలుగో వంతుకు పడిపోయాయి. న్యాయంగా ఇంకో మాటా చెప్పాలి. నాణేలు వేస్తే నడిచే గ్యాసు, కరెంటు మీటర్లను దొంగలు పగలగొట్టి డబ్బు తీసుకుపోయేవాళ్లు, వాటినీ అప్పుడే తీసేశారు. కాబట్టి ఘనతంతా పక్కింటివాళ్లదే కాదు.

రాత్రి డ్యూటీ:
నేను ఆ టార్చి వెలుగుకు అవతలి వైపు నిలబడ్డవాణ్ణి. అద్దెకు దిగిన మూడో వారం. రాత్రి రెండింటికి పని ముగించుకుని నడిచొస్తుంటే ఐదుగురు చుట్టుముట్టారు. పేరేంటి, ఏ ఇల్లు, ఓనరెవరు, బ్యాగ్ విప్పు. విప్పాను. ఖాళీ టిఫిన్ డబ్బా, తడి తువ్వాలు. ఒకాయన “ఏమనుకోకు బాబూ, అంతా మన మంచికే” అన్నాడు. ఆ “మన”లో నన్ను కలుపుకున్నాడో లేదో నాకు తెలీలేదు. తర్వాత ఇంకో రెండుసార్లు ఆపారు. వేరే ఇల్లు చూసుకున్నాను.

నాది తడి తువ్వాలుతో పోయింది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం శాన్‌ఫర్డ్‌లో 2012 ఫిబ్రవరి 26న ఏం జరిగిందో చూడండి. ట్రేవాన్ మార్టిన్‌కు 17 ఏళ్లు, చేతిలో ఆయుధం లేదు. నిఘా వాలంటీరు అతన్ని అనుమానించి పోలీసులకు ఫోన్ చేశాడు. వెంట వెళ్లనక్కర్లేదని అవతలివాళ్లు చెప్పారు. చివరికి వాలంటీరు తుపాకీ పేలింది, కుర్రాడు చనిపోయాడు. మరుసటి ఏడాది జ్యూరీ ఆ వాలంటీరును నిర్దోషిగా వదిలేసింది.

పాతకాపు:
ఎక్కడో తుపాకీ పేలిందని ఇక్కడ విజిల్ ఊదొద్దంటారా? రాత్రి డ్యూటీ గారికి జరిగింది తప్పే, ఒప్పుకుంటాను. మొదటిరోజే ఆయన్ను అందరికీ పరిచయం చేసి ఉంటే సరిపోయేది. మా గస్తీలో దొంగ దొరకలేదు, నిజమే. కానీ బాత్రూంలో జారిపడి కేకేస్తున్న పెద్దాయన అరుపు విన్నది మేమే. ఆరు నెలలుగా వెలగని వీధిదీపాల నంబర్లు రాసుకుని, ఫిర్యాదు చేసి వెలిగించిందీ మేమే. అప్పటిదాకా ఎదురింటాయన పేరే నాకు తెలీదు. ఇవన్నీ ఏ శాతాల్లోకి వస్తాయి?

లెక్కలమనిషి:
ఏ శాతాల్లోకీ రావండి. కానీ మీరు చెప్పిన మూడింటిలో ఒక్కదానికీ కర్ర అక్కర్లేదు.

పాతకాపు:
కుక్కలకు కావాలి!

మూడో అంతస్తు:
మళ్లీ మీటింగ్ అయింది. కిటికీ పక్క కుర్చీ గారు అడిగిన ప్రశ్నే అక్కడ అడిగాను, ఎన్ని గంటలకు జరిగాయని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఊరెళ్లేవాళ్లు పక్క రెండిళ్లకు చెప్పి వెళ్లాలని, కొత్తగా దిగినవాళ్లను వారంలోపు పలకరించాలని ఒప్పుకున్నారు. దొంగలు పడ్డ రెండిళ్లకూ పగటిపూట కన్నేసి ఉంచే పని నలుగురు తీసుకున్నారు, అందులో ముగ్గురు ఆడవాళ్లు. ఎవరినీ ఆపకూడదు, సోదా చేయకూడదు, ఫోన్ మాత్రమే చేయాలి అన్న నియమానికి గట్టిగా గొడవ జరిగింది. చేతులెత్తిస్తే ఒక్క ఓటుతో నెగ్గింది. గస్తీ మాత్రం ఆగలేదు. రానివాళ్ల పేర్లు పెట్టే పద్ధతి కూడా పోలేదు. గురువారం నా వంతు. టార్చి తీసుకెళ్తాను, కర్ర వద్దన్నాను. కుక్కల సంగతి అప్పుడు చూస్తాను, పాతకాపు గారూ.