స్టార్ ట్రెక్ కొత్త సీరియళ్లలో మా తమ్ముడికి ఏ ఎపిసోడ్ చూపించాలి?

మాది అనంతపురం. ఇంట్లో స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల మీద ఎడతెగని వాదన. 1987లో మొదలైన 'నెక్స్ట్ జనరేషన్'కి సాటి లేదని, 2017 నాటి 'డిస్కవరీ' నుంచి అంతా గ్రాఫిక్స్ హంగామానే అని మా తమ్ముడు. అతని మాటలో కొంత నిజముంది. 'నెక్స్ట్ జనరేషన్' రెండో సీజన్‌లో డేటా అనే ఆండ్రాయిడ్‌కి (మనిషి రూపంలోని రోబోకి) హక్కులున్నాయా, లేక అది వట్టి యంత్రమా అని విచారణ జరుగుతుంది. తోటి అధికారి రైకరే అది యంత్రమేనని ఇష్టం లేకుండా వాదిస్తూ, డేటా చెయ్యి ఊడదీసి, స్విచ్ నొక్కి ఆపేస్తాడు. ఎన్నిసార్లు చూసినా గొంతు పట్టేస్తుంది.

అంత బరువు కొత్తవాటిలోనూ ఉందని నా గట్టి నమ్మకం. 2022లో మొదలైన 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' ఎక్కువగా విడివిడి కథలే కదా, వెనక కథ తెలియకపోయినా అర్థమయ్యే ఎపిసోడ్ ఒకటి అందులోంచి చెప్తారా? యుద్ధాలు తక్కువుంటే మేలు. ఈ ఆదివారం వాడు వస్తున్నాడు.